సైన్స్ విలేకరుల సంఘం: పీఆర్‌వోలకు సభ్యత్వం ఇవ్వాలా, వద్దా? ఏది మేలు?

సైన్స్, టెక్నాలజీ గురించి రాసేవాళ్లు సంఘం పెట్టుకుందామని కూర్చున్నప్పుడు చందా ఎంత, అవార్డులు ఎన్ని అనే చర్చతో మొదలుపెడతారు. ముందు తేలాల్సింది అది కాదు. పరిశోధన సంస్థల్లో, కంపెనీల్లో ప్రచార విభాగాలు చూసేవాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలా, వద్దా అన్నది తేలాలి. సంఘానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, శిక్షణ తరగతిలో ఏ సంస్థ పేరెత్తి మాట్లాడొచ్చు, ఎవరిని తప్పుపడుతూ ప్రకటన ఇవ్వొచ్చు అన్నవన్నీ ఆ ఒక్క నిబంధన మీదే ఆధారపడతాయి.

జర్మనీలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. 1929లో బెర్లిన్‌లో పుట్టిన టెలి ఈ రంగంలో అన్నిటికంటే పాత సంఘాల్లో ఒకటి. విలేకరులతోపాటు ప్రచార విభాగాల వాళ్లకూ అందులో చోటుంది. 1986లో మొదలైన డబ్ల్యూపీకే మాత్రం పాత్రికేయులకే. అమెరికాలోనూ ఇంతే. 1934లో ఓ డజను మంది విలేకరులు మొదలుపెట్టిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ సైన్స్ రైటర్స్ యూనివర్సిటీల, ప్రయోగశాలల పీఆర్‌వోలనూ చేర్చుకుంటుంది. 1990లో వచ్చిన సొసైటీ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ జర్నలిస్ట్స్ పర్యావరణ విషయాల్లో పీఆర్ గానీ, లాబీయింగ్ గానీ చేసేవారికి సభ్యత్వం ఇవ్వదు. అధ్యాపకులకు, విద్యార్థులకు అక్కడ వేరే సభ్యత్వ తరగతి ఉంది.

తలుపులు తెరిచి ఉంచిన సంఘానికి మొదటి లాభం మంది. పత్రికల్లో సైన్స్ డెస్కులు చిక్కిపోయాక చాలామంది ఈ ఏడు ఫ్రీలాన్సర్లు, పై ఏడు ఏదో యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఉద్యోగులు. ఒకే నెలలో రెండు పనులూ చేసేవాళ్లూ ఉన్నారు. గట్టి గీత గీస్తే ఉద్యోగం మారిన ప్రతిసారీ మనిషిని వదులుకోవాలి. రెండో లాభం డబ్బు. జీతం నికరంగా వచ్చేవాళ్లు చందా సమయానికి కడతారు, సదస్సుకు హాలు ఇప్పిస్తారు. నష్టం తరగతి గదిలో తెలుస్తుంది. ప్రెస్ నోట్‌లో ఏం దాచారో ఎలా పట్టుకోవాలన్నది పాఠమైతే, ఆ నోటు రాసినాయన రెండో వరుసలో కూర్చుని ఉంటాడు. పాఠం చెప్పేవాడు అసలు పేర్లు వదిలేసి ‘ఒక సంస్థ’ అంటూ నీళ్లు నములుతాడు. నేర్చుకోవాల్సింది అక్కడే జారిపోతుంది.

అసలు పేరుతో చెబితే పాఠం ఎలా ఉంటుందో చూడండి. కోవాగ్జిన్ మూడో దశ మధ్యంతర ఫలితాలు 2021 మార్చి 3న కంపెనీ ప్రకటన రూపంలో వచ్చాయి. అన్ని పత్రికల్లోనూ శీర్షిక ‘81 శాతం’. ఆ అంకె వెనకున్నవి 43 కేసులు: టీకా బదులు డమ్మీ సూది పడినవారిలో 36, టీకా పడినవారిలో 7. 36లోంచి 7 తీసి, వచ్చిన 29ని మళ్లీ 36తో భాగిస్తే 80.6 శాతం. అంకె తప్పు కాదు. కానీ 43 కేసుల మీద తేల్చిన శాతం ఇంకో నాలుగైదు కేసులు అటో ఇటో పడితే కదులుతుంది. అదే ఏడాది నవంబరులో వైద్య పరిశోధన పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పూర్తి వ్యాసంలో కేసులు 130, సామర్థ్యం 77.8 శాతం. ఇందులో కుట్రేమీ లేదు. కానీ మార్చిలోనే ‘ఎన్ని కేసుల మీద?’ అని అడగడం విలేకరికి అలవాటు కావాలి. ఆ కంపెనీ ప్రతినిధి మొహమాటం అడ్డురాని గదిలో అది తొందరగా అలవాటవుతుంది. పాత్రికేయులకే పరిమితమైన సంఘం బలం ఇదే. డబ్బు దగ్గర మాత్రం దాని కోశాధికారి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క: చందాలు చాలవు, స్పాన్సర్‌ను పిలిస్తే పెట్టుకున్న నియమం అర్థం పోతుంది.

మన దగ్గరికొస్తే లెక్క మారుతుంది. తెలుగు దినపత్రికల్లో పూర్తికాలం సైన్స్ మాత్రమే చూసే విలేకరులు చాలా అరుదు. తెలుగులో సైన్స్ రాస్తున్నది ఎక్కువగా లెక్చరర్లు, డాక్టర్లు, హైదరాబాద్ ప్రయోగశాలల్లో పనిచేసే, పనిచేసి రిటైరైన శాస్త్రవేత్తలు. జర్మన్ డబ్ల్యూపీకే నియమాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే వీళ్లంతా గుమ్మం బయటే. అలాగని అందరినీ ఓటర్లను చేస్తే రెండేళ్లలో కార్యవర్గం సంస్థల ప్రతినిధులతో నిండిపోతుంది, ఎందుకంటే మీటింగులకు తీరిక దొరికేది వాళ్లకే.

అందుకని తెలుగు సంఘానికి రెండు తరగతుల పద్ధతే మేలు: ఓటుండే సభ్యులు, ఓటు లేని అనుబంధ సభ్యులు. తెలుగు రాష్ట్రాల్లో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురుంటే సంఘం నమోదవుతుంది. నమోదు సులువే, చిక్కంతా బైలాలో. ‘పాత్రికేయుడు’ అని రాసి వదిలేస్తే చాలదు. గత 12 నెలల్లో తాను రాసే రంగంలోని సంస్థ నుంచి ప్రచార పనికి డబ్బు తీసుకోనివారికే ఓటు అని ఆదాయాన్ని బట్టి నిర్వచించాలి. సొంత సంస్థ గురించి రాయని అధ్యాపకుడికి, శాస్త్రవేత్తకు అప్పుడు ఓటు దక్కుతుంది. ఉద్యోగం మారితే 30 రోజుల్లో చెప్పాలి, తరగతి దానంతటదే మారాలి. ఆ చివరి మాట లేకపోతే పాత స్నేహితుడిని కార్యవర్గం ఓటేసి దించాల్సి వస్తుంది, ఎవరూ ఆ పని చేయరు, నియమం కాగితం మీదే ఉండిపోతుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, అవార్డు జడ్జీలు ఓటున్నవారిలోంచే రావాలి. ఏ ఒక్క దాతా ఏడాది ఖర్చులో ఐదో వంతుకు మించి ఇవ్వకూడదు.

విదేశీ గ్రాంటు మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వేయకండి. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు కావాలంటే మామూలుగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. పైగా నమోదైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, సంపాదకులు విదేశీ విరాళం తీసుకోవడాన్ని 2010 చట్టం మూడో సెక్షన్ నిషేధిస్తోంది. స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటివాటికి మినహాయింపు ఉంది కాబట్టి ఫెలోషిప్ ఉత్తర్వులో ఆ డబ్బును ఏమని రాశారో చదివి సంతకం పెట్టాలి.

సంఘం పెట్టే ఓపిక లేదు, ఉన్నదాంట్లో చేరదామంటారా? 2002లో ఏర్పడిన వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ సైన్స్ జర్నలిస్ట్స్ సంఘాల సమాఖ్య, అందులోకి దారి ఏదో ఒక సంఘం ద్వారానే. మన దేశంలో 1985 నుంచి ఇండియన్ సైన్స్ రైటర్స్ అసోసియేషన్ ఉంది. అమెరికాలో ఉంటూ యూనివర్సిటీ ఉద్యోగం, రాత పని రెండూ చేసే తెలుగువాళ్లకు నేషనల్ అసోసియేషన్ నప్పుతుంది. ఎక్కడ దరఖాస్తు చేసినా అచ్చయిన వ్యాసాలు ఓ ఐదు, తేదీ, పత్రిక పేరు కనిపించేలా పీడీఎఫ్ చేసి పెట్టుకోవాలి. తెలుగు వ్యాసమైతే ఒక్కోదానికి ఒక పేజీ ఇంగ్లిష్ సారాంశం జతచేయాలి. పూర్తి అనువాదం పంపితే చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

సభ్యత్వం వచ్చింది కదా అని ఎంబార్గో వార్తలు, అంటే ఫలానా సమయం దాకా ప్రచురించొద్దన్న షరతుతో ముందే ఇచ్చేవి, వాటంతటవే అందవు. పరిశోధన పత్రికల ప్రెస్ సైట్లకు విడిగా దరఖాస్తు చేయాలి. ఆ సమయాలూ మనకు అనుకూలం కావు. నేచర్ పత్రిక ఎంబార్గో బుధవారం లండన్ సమయం సాయంత్రం 4కు తొలగుతుంది: మనకు చలికాలంలో రాత్రి 9.30, వేసవిలో 8.30. కాస్త పరుగెత్తితే జిల్లా ఎడిషన్‌కు అందుతుంది. సైన్స్ పత్రికది గురువారం అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 2 గంటలు. మనకది వేసవిలో రాత్రి 11.30, చలికాలంలో శుక్రవారం తెల్లవారుజాము 12.30. అది సిటీ ఎడిషన్‌కైనా అనుమానమే. పొరపాట్లు ఎక్కువగా మార్చిలో జరుగుతాయి. అమెరికా గడియారాలు రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌వి ఆఖరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో సైన్స్ 11.30కి వచ్చేసినా నేచర్ ఇంకా 9.30కే ఉంటుంది. 8.30 అనుకుని వెబ్‌సైట్‌లో పెట్టేస్తే గంట ముందే ఎంబార్గో ఉల్లంఘించినట్టు.