హరికేన్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లకు జాగ్రత్త: నీళ్లు వచ్చాయి, అలారం మోగలేదు

ఇంటి కంప్యూటర్‌లో హరికేన్ల కదలిక చూసుకునే సాఫ్ట్‌వేర్ కొందామని ఎవరైనా అనుకుంటుంటే, డబ్బు కట్టేముందు నాకు జరిగింది వినండి. పోయిన డబ్బు పెద్దదేం కాదు, 40 డాలర్లు. దాని కోసమే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. స్క్రీన్ మీద పచ్చరంగు చూసి, ఇల్లు ఖాళీ చేయమని వచ్చిన ఆర్డర్‌ని ఒక పూటంతా పట్టించుకోలేదు. అదీ నా బాధ.

కంపెనీ పేరు రాయడం లేదు. ఒక పేరు రాస్తే మిగతావన్నీ మంచివే అనుకుంటారు. తుఫాను కేంద్రం ఎంత దూరమో మాత్రమే కొలిచే సాఫ్ట్‌వేర్ ఎవరిదైనా ఇంతే.

మేముండేది ఫ్లోరిడా పశ్చిమ తీరంలో, టాంపా బే అనే అఖాతానికి దగ్గర్లో. ఇక్కడ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. 2024 సీజన్ మొదట్లోనే ఈ సాఫ్ట్‌వేర్ కొన్నాను. ప్రకటన చూస్తే నోరూరింది. పెద్ద మ్యాప్, ఉపగ్రహ చిత్రాలు, తుఫాను ఎటు పోతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్స్ గీసే రంగురంగుల దారులు, 1851 నుంచి వచ్చిన ప్రతి తుఫాను దారీ, అన్నిటికీ మించి 'ఇంటి అలారం'. మన ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, ఎన్ని మైళ్ల దూరంలోకి వస్తే చెప్పాలో పెట్టుకుంటే చాలు, తుఫాను ఆ గీత దాటగానే సైరన్ మోగుతుంది. నేను 100 మైళ్లు పెట్టాను. రాత్రిళ్లు లేచి ఫోన్ చూసుకునే టెన్షన్ ఉండదులే అనుకున్నాను.

సెప్టెంబర్ చివర్లో హెలీన్ హరికేన్ వచ్చింది. మొదటి తేడా అక్కడే కనిపించినా నేను పట్టించుకోలేదు. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ సెప్టెంబర్ 23నే దాని మీద బులెటిన్లు మొదలుపెట్టింది. అప్పటికి అది తుఫానుగా మారలేదు, 'పొటెన్షియల్ ట్రాపికల్ సైక్లోన్ నైన్' అని పిలిచారు. ఇంకా తుఫాను కాకపోయినా తీరానికి త్వరగా ముప్పు తెచ్చేలా ఉంటే ఇలా ముందే హెచ్చరికలు ఇచ్చే పద్ధతి 2017లో వచ్చింది. నా సాఫ్ట్‌వేర్‌కి బలాన్ని బట్టి పెట్టే డిప్రెషన్, స్టార్మ్, హరికేన్ అనే మూడు ముక్కలు తప్ప ఇంకోటి తెలియదు. అందుకని మొదటి రోజు మ్యాప్ ఖాళీ. టీవీలో అంతా దాని గురించే మాట్లాడుతున్నారు, నా కంప్యూటర్‌లో మాత్రం గల్ఫ్ ఆఫ్ మెక్సికో అద్దంలా ఉంది. 2024లో అమ్మిన సాఫ్ట్‌వేర్ ఇది! లోపలి కోడ్ ఏ కాలం నాటిదో మీరే ఊహించుకోండి.

25వ తేదీ రాత్రి నాన్న ఫోన్ చేశాడు. మాది కృష్ణా జిల్లా. 1977 దివిసీమ ఉప్పెన చూసినవాడు ఆయన. "ఒరే, గాలి సంగతి తర్వాత, సముద్రం ఎక్కడిదాకా వస్తుందంటున్నారు?" అని అడిగాడు. నేను స్క్రీన్ చూసి గొప్పగా చెప్పాను, "లేదు నాన్నా, అది మాకు వంద మైళ్లకు పైగా పడమరగా, సముద్రం మీదుగానే పైకి వెళ్లిపోతుంది" అని. "నేనడిగింది అది కాదురా" అన్నాడు. ఆయన అడిగినదానికి జవాబు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లేదు. తర్వాత కూర్చుని మెనూలన్నీ వెతికాను. ఉప్పెన అనే మాటే లేదు.

26 నాటికి మా జోన్‌కి, అంటే ముప్పుని బట్టి కౌంటీ (జిల్లా లాంటిది) విడగొట్టిన మా ప్రాంతానికి, ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చేసింది. మా ఆవిడ బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నేను ఆమెని కంప్యూటర్ దగ్గరికి పిలిచి, "చూడు, లైన్ ఎంత దూరంలో ఉందో, అలారం కూడా లేదు, సాయంత్రం చూద్దాం" అన్నాను. సాయంత్రం దాటాక వీధిలోకి నీళ్లు రావడం మొదలైంది. చూస్తుండగానే గరాజ్‌లోకి వచ్చాయి. పక్కింటివాళ్లది మేడ ఇల్లు కాబట్టి బతికిపోయాం, పిల్లలతో వాళ్ల పైగదిలో కూర్చుని తెల్లవార్లూ గడిపాం. కారు పోయింది. కింద ఉన్న సామానంతా ఉప్పునీళ్లలో నానింది. అలారం మోగలేదు. దాని లెక్కలో అది తప్పు చేయలేదు కూడా, హెలీన్ కేంద్రం ఆ 100 మైళ్ల గీత దాటి లోపలికి రానేలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో అసలు మోసం ఇదే. తుఫాను అంటే మ్యాప్ మీద చుక్క కాదు. హెలీన్ చాలా పెద్ద తుఫాను, దాని గాలులు కేంద్రం నుంచి వందల మైళ్ల దాకా పరుచుకున్నాయి. ఆ గాలులు గల్ఫ్ నీళ్లని తీరం మీదికి, బే లోపలికి తోశాయి. కేంద్రం తీరాన్ని తాకింది రాత్రి 11 దాటాక, మాకు చాలా ఉత్తరాన, పెర్రీ అనే ఊరి దగ్గర. అయినా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నీటిమట్టం మామూలు పోటు కంటే 6 అడుగులకు పైగా లేచి, 1985లో ఎలెనా హరికేన్ నాటి రికార్డుని దాటేసింది. కేంద్రానికీ మన ఇంటికీ మధ్య దూరం కొలిచి 'అలర్ట్ లేదు' అని పచ్చరంగులో చూపించే సాఫ్ట్‌వేర్ లేకపోవడమే మేలు. ఏమీ లేకపోతే కనీసం ఆర్డర్ రాగానే బయల్దేరేవాళ్లం.

తర్వాత కోపంతో ఒక్కొక్కటీ తవ్వి చూశాను.

ప్రకటనలో 'ప్రతి నిమిషం అప్‌డేట్' అని కూడా రాశారు. అది నిమిషానికోసారి సర్వర్‌ని అడుగుతుంది, నిజమే. కానీ అడిగినంత మాత్రాన కొత్త సమాచారం ఎక్కణ్నుంచి వస్తుంది? హరికేన్ సెంటర్ పూర్తి బులెటిన్ ఆరు గంటలకోసారి ఇస్తుంది, ఇక్కడి వేసవి టైం ప్రకారం ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి. తీరానికి హెచ్చరికలు అమల్లో ఉన్నప్పుడు మధ్యలో మూడు గంటలకోసారి ఇంకోటి ఇస్తారు. నా సాఫ్ట్‌వేర్ ఆ మధ్యవాటిని అసలు తీసుకోదు. అంటే అందరికంటే ఎక్కువ అవసరమైన రోజున, టీవీ చూసేవాడి కంటే నేను మూడు గంటలు వెనక ఉన్నాను.

దానికితోడు టైం. మ్యాప్ మూలన '15:00' అని ఉంటే మధ్యాహ్నం మూడింటిది అనుకున్నాను. అది యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైం. మాకు ఉదయం 11 గంటల బులెటిన్ అన్నమాట. పక్కన యూటీసీకి గుర్తుగా చిన్న 'జెడ్' అక్షరం ఉందట, నాకు కనిపించలేదు. ఇంటర్నెట్ పోతే ఇంకా ఘోరం. పాత చుక్క అక్కడే అలాగే ఉంటుంది, ఇది పాతది అని ఎర్రగా ఒక్క మాట రాదు.

గాలి వేగం సంగతి చెబితే నవ్వుతారు. హరికేన్ సెంటర్ జనం కోసం ఇచ్చే బులెటిన్‌లో వేగం గంటకు మైళ్లలో ఉంటుంది, నావికులకూ నిపుణులకూ ఇచ్చేదాంట్లో నాట్లలో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకు 1.15 మైళ్లు. వీళ్లు రెండోదాంట్లోంచి అంకె తీసుకుని, పక్కన మైళ్లు అని రాసేశారు. హెలీన్ తీరాన్ని తాకినప్పుడు 120 నాట్లు, అంటే దాదాపు 140 మైళ్లు, గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా వేసే లెక్కలో కేటగిరీ 4. నా స్క్రీన్ మీద '120 మైళ్లు', కేటగిరీ 3 రంగు. కేటగిరీ 4 మొదలయ్యేది 130 మైళ్ల దగ్గర. సపోర్ట్‌కి రాస్తే, "సెట్టింగ్స్‌లో యూనిట్ మార్చుకోండి" అని జవాబిచ్చారు. మార్చాను. అదే 120 పక్కన 'నాట్లు' అని వచ్చింది, కేటగిరీ మాత్రం 3 దగ్గరే ఉండిపోయింది.

ఇక ఆ రంగురంగుల దారులు. స్పగెట్టి మోడల్స్ అని అందరూ వాట్సాప్‌లో పంపుకునే బొమ్మలు ఇవే. అందులో ప్రతి గీతా ఒక వాతావరణ మోడల్ అనుకునేవాణ్ని. కాదు. 'ఎక్స్‌టీఆర్‌పీ' అని ఒక గీత ఉంటుంది, అది తుఫాను ఇప్పుడు ఎటు పోతోందో ఆ దిక్కుకే స్కేలు పెట్టి గీసినట్టు పొడిగించిన తిన్నని లైను, జోస్యమే కాదు. 'క్లిపర్' రకం ఇంకోటి ఉంటుంది, పాత తుఫానుల సగటు నడకని బట్టి వేసేది, అసలు మోడల్స్ ఎంత బాగా పనిచేశాయో పోల్చి చూడటానికి వాడతారు. వీటన్నిటినీ ఒకే మందంలో, ఒకే ధీమాతో గీసి పెడుతుంది ఈ సాఫ్ట్‌వేర్. రెండు వారాల తర్వాత మిల్టన్ హరికేన్ వచ్చినప్పుడు మా స్నేహితుడొకడు ఇలాంటి తిన్నని గీత ఒకటి చూసి హడావుడి పడ్డాడు. ఏ గీత ఏమిటో రాయని బొమ్మని నమ్మొద్దని అప్పుడే చెప్పాను.

కోన్‌ని, అంటే కేంద్రం ఎటెటు పోవచ్చో చూపించే గరాటు లాంటి ఆకారాన్ని, అయితే దాచేశారు. మధ్య గీత మాత్రమే కనిపిస్తుంది, కోన్ కావాలంటే మెనూలోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. గత ఐదేళ్ల అంచనాల్లో ఎంత తప్పు వచ్చిందో చూసి, మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం ఉండే మేర పట్టేలా వలయాలు వేసి ఆ కోన్ గీస్తారు. అంటే మూడోవంతు సార్లు కేంద్రమే బయటికి పోవచ్చు. పైగా కోన్ చెప్పేది కేంద్రం దారి గురించే, తుఫాను ఎంత వెడల్పో అది చెప్పదు. 2004లో చార్లీ హరికేన్ వచ్చినప్పుడు జనం కళ్లన్నీ టాంపా వైపు పోయే మధ్య గీత మీదే ఉన్నాయి. అది కుడికి తిరిగి పుంటా గోర్డా దగ్గర కేటగిరీ 4తో విరుచుకుపడింది. ఆ ఊరు అప్పటికే హెచ్చరికలో ఉంది, అయినా గీత చూసినవాళ్లు అది తమకు కాదనుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత నేనూ చేసింది అదేగా.

ప్రకటనలో 'ప్రపంచంలోని తుఫానులన్నీ' అని కూడా ఉంది. అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ తప్ప ఇంకేమీ రాలేదు. బంగాళాఖాతం చూద్దామని నేను సరదాపడ్డాను, ఖాళీ. ఆ సముద్రానికి అధికారిక సమాచారం ఇచ్చేది మన వాతావరణ శాఖ ఢిల్లీ కేంద్రం, దాన్ని వీళ్లు తీసుకోవడం లేదు. ఒకవేళ ఎవరైనా రెండూ కలిపి చూపించినా అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. అమెరికావాళ్లు ఒక నిమిషం సగటు గాలిని చెబుతారు, మనవాళ్లు మూడు నిమిషాల సగటు. ఒకే తుఫానుకి రెండు అంకెలు వస్తాయి.

ఇన్ని చూశాక అర్థమైంది ఏమిటంటే, నేను డబ్బిచ్చి కొన్న సమాచారమంతా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదే. దాన్ని తీసుకుని అమ్మడం నేరం కాదు. కానీ మధ్యలో కొంత పారబోసి, అంకెలు మార్చి, పైన రంగులేసి అమ్మారు. హరికేన్ సెంటర్ వెబ్‌సైట్‌లో కోన్, గాలుల వెడల్పు, ఎక్కడ ఎన్ని అడుగుల ఉప్పెన రావచ్చో చెప్పే మ్యాప్, అన్నీ ఉన్నాయి. 1851 నుంచి ఉన్న అట్లాంటిక్ తుఫానుల జాబితా కూడా అక్కడే దొరుకుతుంది. కంప్యూటర్‌లోనే చూడాలన్న ముచ్చట ఉంటే వాళ్లిచ్చే ఫైళ్లని గూగుల్ ఎర్త్‌లో తెరుచుకోవచ్చు, పక్కాగా వస్తాయి. కరెంటు, ఇంటర్నెట్ రెండూ పోయే రోజుకి వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి ఉంచుకోండి. ఇంట్లోంచి వెళ్లాలా వద్దా అన్నది కౌంటీ ఇచ్చే జోన్ ఆర్డర్‌ని బట్టే. ఆ జోన్లు వేసింది నీళ్ల ముప్పుని చూసి, గాలిని చూసి కాదు.

అయినా కొనాలనే ఉంటే, డబ్బు కట్టకముందే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. మధ్యలో వచ్చే మూడు గంటల బులెటిన్లు తీసుకుంటారా, అలారం కేంద్రాన్ని బట్టా, గాలుల అంచుని బట్టా, లేక మన ప్రాంతానికి ఇచ్చిన హెచ్చరికని బట్టా, ఉప్పెన హెచ్చరికలు చూపిస్తారా, సమాచారం పాతబడితే స్క్రీన్ మీద చెబుతుందా. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. నేను ఇవన్నీ కొన్నాక అడిగాను.

'లైఫ్‌టైం లైసెన్స్' మాటకీ పడిపోకండి. లైఫ్‌టైం అన్నది ప్రోగ్రామ్‌కి, దాంట్లోకి వచ్చే డేటాకి ఏటా విడిగా కట్టాలి. డేటా లేని ప్రోగ్రామ్ ఉత్త మ్యాప్. కొనేటప్పుడు ఆ డేటా ఫీజు ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యే టిక్ ముందే పెట్టి ఉంటుంది, చూసుకోండి. నేను చూసుకోలేదు, మరుసటి ఏడాది మే నెలలో కార్డు మీద మళ్లీ పడింది. రిఫండ్ అడిగితే "మీరు డేటా వాడుకున్నారు" అన్నారు. మూడు మెయిళ్లకీ ఇదే జవాబు. చివరికి కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే రెండో ఏడాది డబ్బు మాత్రం వెనక్కి వచ్చింది, మొదటిది రాలేదు. రెన్యువల్ ఆపమన్న మెయిల్ కాపీ దాచిపెట్టుకోండి, బ్యాంకువాళ్లు మొదట అడిగింది అదే.