పీ90ఎక్స్, ఇన్సానిటీ, దండాలు–బస్కీలు: ఇంట్లో చేసేవాళ్లకు ఏది మేలు?

ఇంట్లోనే గట్టిగా వ్యాయామం చేయాలనుకునేవాళ్ల ముందు మూడు దారులున్నాయి. బరువులు ఎత్తి కండ పెంచుకోవడం ఒకటి. దీనికి పేరున్న ప్రోగ్రాం 2005లో అమెరికాలో వచ్చిన పీ90ఎక్స్. గెంతుతూ, పరుగెత్తుతూ ఊపిరి సలపనివ్వకుండా చేసేది రెండోది. ఇందులో 2009లో వచ్చిన ఇన్సానిటీకి పేరు ఎక్కువ. మూడోది మన తాలింఖానాల్లో (పాతకాలపు వ్యాయామశాలల్లో) తరతరాలుగా తీస్తున్న దండాలు, బస్కీలు. మొదటి వారంలో మూడూ బాగానే అనిపిస్తాయి. అసలు చూడాల్సింది ఎనిమిదో వారం: అప్పటికి మానకుండా చేస్తున్నారా, ఒంట్లో ఏం మారింది?

పీ90ఎక్స్ పదమూడు వారాల పని. వారానికి ఆరు రోజులు, రోజుకు గంటకు అటూఇటూ. మామూలు వారంలో ఛాతీ–వీపు, గెంతులు, భుజాలు–చేతులు, యోగా, కాళ్లు–వీపు, కిక్కులు–పంచ్‌లు వరసగా వస్తాయి. ఏడో రోజు విశ్రాంతి. వారంలో మూడు రోజులు పొట్ట వ్యాయామం అదనం. మూడు వారాలు గట్టిగా చేశాక నాలుగో వారం తేలిగ్గా ఉంటుంది. 'ఒళ్ళు బాగానే ఉంది కదా' అని చాలామంది ఆ తేలిక వారాన్ని దాటేస్తారు. ఆరో వారానికి భుజం పట్టేస్తుంది. కండ పెరిగేది విశ్రాంతిలోనే కాబట్టి ఆ వారం కూడా ప్రోగ్రాంలో భాగమే.

ఛాతీ–వీపు రోజునే తీసుకోండి. ఒక రకం పుష్‌అప్, వెంటనే ఒక రకం పుల్‌అప్, మళ్లీ ఇంకో రకం పుష్‌అప్. ఇలా పన్నెండు వ్యాయామాలు, వాటినే రెండో చుట్టు. అంటే ఇరవై నాలుగు సెట్లు. వీటిలో సగం లాగేవి, ఆ సగంలో సగం బార్‌కు వేలాడి లాగేవే. ఒక్క పుల్‌అప్ కూడా రానివాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. వెనకాల ఒక కుర్చీ వేసి, దానిమీద ఒక పాదం ఆనించి, కాలి సాయంతో పైకి వెళ్లండి. దిగేటప్పుడు మాత్రం మూడు సెకన్లు పట్టేలా నెమ్మదిగా దిగాలి. ఆరేడు వారాల్లో కుర్చీ అవసరం బాగా తగ్గుతుంది.

బార్ కొనేముందు మీ ద్వారబంధం చూసుకోండి. గుమ్మంపైన కొక్కెంలా తగిలించే బార్ నిలవాలంటే చట్రం గోడకంటే కొంచెం ముందుకు వచ్చి అంచు ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువగా చట్రాన్ని గోడతో సమంగా ప్లాస్టరింగ్ చేసేస్తారు, అక్కడ కొక్కేనికి ఆనే చోటే ఉండదు. రెండు పక్కలా తిప్పి బిగించేది కొన్నా, ఆ బిగింపు ఒక్కదాన్నే నమ్మవద్దు. దాంతోపాటు వచ్చే గిన్నెల్లాంటి రెండు ముక్కల్ని చెక్క చట్రానికి స్క్రూలతో బిగించి, బార్ కొసలు వాటిలో కూర్చునేలా చూడండి. వేలాడే ముందు ప్రతిసారీ ఒకసారి తిప్పి బిగువు చూసుకోవాలి. అద్దె ఇంట్లో స్క్రూలు దించే వీల్లేకపోతే రబ్బరు బ్యాండ్‌ను కిటికీ ఊచలకు కట్టి కూర్చుని లాగవచ్చు. అయితే ఆ గ్రిల్ గోడలో గట్టిగా దిగి ఉండాలి, ఒట్టి స్క్రూల మీద నిలిచింది కాకూడదు. బ్యాండ్‌ను ఎండ తగిలేచోట పెడితే పగుళ్లు వస్తాయి, ఓ రోజు లాగుతుండగానే తెగి మొహానికి కొడుతుంది.

పీ90ఎక్స్‌తో ఫలితం రాకపోవడానికి మరో కారణం డంబెల్. కండ కావాలంటే ఎనిమిది నుంచి పది, సన్నగా గట్టిపడాలంటే పన్నెండు నుంచి పదిహేను రెప్స్‌కి (ఆగకుండా ఒక సెట్‌లో చేసేసార్లు) చేతులు ఆగిపోయే బరువు ఎంచుకోమంటుందా ప్రోగ్రాం. ఒకే ఐదు కిలోల జత కొని తొంభై రోజులూ దాంతోనే నెట్టుకొస్తే నాలుగో వారం తర్వాత ఒంటికి కొత్త పని ఏమీ ఉండదు. ప్లేట్లు మార్చుకునే డంబెల్ జత తీసుకుంటే ఈ చిక్కు రాదు.

ఇన్సానిటీకి ఇవేవీ అక్కర్లేదు. అరవై రోజులు, వారానికి ఆరు రోజులు, సామాను సున్నా. అందుకే చాలామందికి మనసు దానిమీదికి పోతుంది. మామూలుగా మనం ముప్పై సెకన్లు గట్టిగా చేసి, కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటాం. ఇందులో దాదాపు మూడు నిమిషాలు గట్టిగా చేసి ముప్పై సెకన్లే ఆగాలి. మొదటి నెల రోజుకు నలభై నిమిషాల దగ్గర ఉంటుంది, రెండో నెల గంటకు చేరుతుంది. వార్మప్ కూడా మూడు చుట్లు, చుట్టుచుట్టుకీ వేగం పెరుగుతుంది. కొత్తవాళ్లకు ఉన్న ఓపికంతా ఆ వార్మప్‌లోనే అయిపోతుంది.

అలసిన కాళ్లతో గెంతడమే ఇందులో అసలు ప్రమాదం. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలతాయి, మడమ దబ్‌మని నేలను తాకుతుంది. దిగే చప్పుడు పెరిగిందంటే కండరం పట్టు వదిలేసింది, దెబ్బంతా ఎముక మీద, కీలు మీద పడుతోందని అర్థం. ఆ క్షణమే గెంతు ఆపి, అదే కదలికను అడుగు వేస్తూ చేయండి. రెండు మూడు వారాల్లో పిక్కల ముందు ఎముక వెంబడి నొప్పి మొదలైతే అది చాలావరకు ఇలాంటి గెంతుల ఫలితమే. మన ఇళ్లలోని గ్రానైట్, టైల్స్ నేల దీన్ని ఇంకా పెంచుతుంది. ఆరు మిల్లీమీటర్ల యోగా మ్యాట్ గెంతులకు ఆగదు, చెమటకు జారుతుంది. పదిహేను మిల్లీమీటర్లకు తగ్గని రబ్బరు పలకలు, కాళ్లకు షూ ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో పొద్దున్నే ఐదింటికి గెంతితే కిందివాళ్లు ఎన్నాళ్లు ఊరుకుంటారన్నది కూడా చూసుకోవాలి. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోవడానికి అదీ కారణమే.

ఇన్సానిటీలో చాలా బాగున్నది ఒకటి ఉంది, మిగతా రెండిట్లోనూ అరువు తెచ్చుకోదగ్గది: ఫిట్ టెస్ట్. ఎనిమిది వ్యాయామాలు, ఒక్కోటి ఒక నిమిషం, ఎన్ని వచ్చాయో రాసుకోవడం, రెండు వారాలకోసారి మళ్లీ అదే. అద్దంలో తేడా కనిపించక ముందే కాగితం మీద కనిపిస్తుంది. మొదటి మూడు నాలుగు వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలు ఆ పని నేర్చుకోవడం వల్లే. కంటికి ఆనేంత కండ రావడానికి ఎనిమిది, పన్నెండు వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో మనిషిని పట్టి నిలిపేది ఆ కాగితమే.

ఇక దండాలు, బస్కీలు. కలియుగ భీముడిగా పేరొందిన కోడి రామమూర్తి నాయుడు కాలం నాటికే తెలుగునేల మీద బాగా వేళ్లూనుకున్న సాధన ఇది. నడుము పైకెత్తి మొదలుపెట్టి, ఛాతీని నేలకు దగ్గరగా ముందుకు జార్చి, మెడ పైకెత్తి మళ్లీ వెనక్కి రావడం దండం. నిలబడి, గొంతుకు కూర్చుని లేవడం బస్కీ. దండంలో ఛాతీ, భుజాలు, నడుము అన్నీ కదులుతాయి. గంట అక్కర్లేదు, ముప్పై ఐదు నిమిషాలు చాలు. ఆరు అడుగుల జాగా ఉంటే సరిపోతుంది, చప్పుడు ఉండదు.

అయితే లోటు ఒకటుంది, పెద్దదే. రెండింట్లోనూ నెట్టడమే గాని లాగడం లేదు. నెలల తరబడి ఇవే చేస్తే ఛాతీ బిగిసి భుజాలు ముందుకు వంగుతాయి. అందుకే పుస్తకాల సంచిలో ఐదు కిలోల బియ్యం పోసి, ముందుకు వంగి నడుము నిటారుగా ఉంచి, సంచిని పొట్టవైపు లాగడం మూడు సెట్లు కలపండి. మూడు సెట్లూ పన్నెండు చొప్పున వచ్చాక ఇంకో రెండు కిలోలు పోయండి. బస్కీలు మడమలు లేపి తీస్తే మోకాలి చిప్ప మీద భారం ఎక్కువ. అక్కడ నొప్పి ఉన్నవాళ్లు మడమలు నేలకు ఆనించి, వెనక కుర్చీ ఉన్నట్టు కూర్చుని లేవాలి. సెట్‌కు ముప్పై దాటాక అంకె పెంచుకుంటూ పోతే పెరిగేది ఓపికే. బలం కావాలంటే అదే సంచిని వీపుకు తగిలించుకోవాలి.

మొదటి రోజే పంతానికి పోయి రెండు మూడు వందల బస్కీలు తీయవద్దు. మామూలు ఒళ్ళునొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి తగ్గుతుంది. తొడలు ఉబ్బి, మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం కండరం చితికి కిడ్నీల మీద పడుతోందని అనుమానించాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్సానిటీ మొదటి వారానికీ ఇదే హెచ్చరిక.

ఏది ఎంచుకున్నా తిండి మారకపోతే ఫలితం సగమే. కండ పెంచే వ్యాయామానికి శరీర బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ మంచి లెక్క. 65 కిలోల మనిషికి 104 గ్రాములు. అన్నం, పప్పు, పెరుగుతో సాధారణంగా 50, 55 దగ్గరే ఆగిపోతాం. మూడు గుడ్లు 18 గ్రాములు, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్ 26 గ్రాములు ఇస్తాయి. మాంసం తినేవాళ్లకు నూట యాభై గ్రాముల వండిన చికెన్‌లో 40 గ్రాములు దొరుకుతుంది. మొదటి రెండు వారాల్లో బరువు తగ్గకపోగా కిలో పెరగవచ్చు. అలసిన కండరాలు నీరు పట్టి ఉంచుతాయి, అంతే. కాటా పక్కనపెట్టి వారానికోసారి, పొద్దున్నే పరగడుపున, బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని లెక్క.

ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజుల పని కలిపి చేయకండి. ఆగినచోటు నుంచే కొనసాగించండి, ప్రోగ్రాం ఒక రోజు ముందుకు జరుగుతుంది. వారం దాటి ఆగితే ఒక వారం వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

ఇప్పటిదాకా వ్యాయామం అలవాటు లేనివాళ్లకు దండాలు, బస్కీలు, బియ్యపు సంచి, వారానికి నాలుగు రోజులు, ఎనిమిది వారాలు. ఇదే మేలు. ఇరవై దండాలు ఆగకుండా వచ్చేవాళ్లు, రోజుకు గంట ఇవ్వగలిగేవాళ్లు పీ90ఎక్స్‌కి వెళ్లాలి. కంటికి కనిపించే మార్పు మూడింటిలో ఎక్కువ వచ్చేది దానితోనే, ఎందుకంటే బరువు పెంచుతూ పోయే వీలు అక్కడ ఎక్కువ. ఇన్సానిటీ ఇప్పటికే ఐదు కిలోమీటర్లు అరగంటలో పరుగెత్తగలిగి, మోకాళ్లు బాగున్నవాళ్లకు మాత్రమే, అదీ వాకిట్లోనో కింది అంతస్తులోనో. ఏప్రిల్, మే నెలల్లో దీన్ని మొదలుపెట్టకపోవడమే మంచిది. బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, కాన్పు అయి కొన్ని నెలలే అయినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. ఇన్సులిన్ గాని షుగర్ పడేసే మాత్రలు గాని వాడేవాళ్లు దండాలతో మొదలుపెట్టినా సరే, ముందు షుగర్ చూసుకుని, చేతికందేచోట నాలుగు చెంచాల పంచదార పెట్టుకుని చేయాలి.