జాక్ రస్సెల్ టెర్రియర్‌తో తొమ్మిదేళ్లు: విశాఖ ఫ్లాట్‌లో మా అనుభవం

మా గవ్వ ఇంటికొచ్చి ఈ జులైతో తొమ్మిదేళ్లు నిండాయి. జాక్ రస్సెల్ టెర్రియర్, ఆడది. ఒళ్లంతా తెలుపు, ఎడమ కంటి చుట్టూ, తోక మొదట్లో గోధుమరంగు మచ్చలు. బరువు ఆరు కేజీలు. మాది సీతమ్మధారలో రెండో అంతస్తు ఫ్లాట్. నేను, మావారు, అత్తయ్య, మా పాప ఉంటాం. "చిన్న కుక్కే కదా, ఫ్లాట్‌లో పెంచుకోవచ్చా?" అని అడిగిన ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఒకటే. ఇంటి కొలతలు పక్కన పెట్టి, రోజుకి గంటన్నర మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఇంతకన్నా మంచి తోడు నాకు తెలీదు. లేకపోతే దయచేసి తెచ్చుకోకండి, అది చాలా బాధపడుతుంది.

టెర్రియర్ అనే పేరు ఫ్రెంచిలో నేల అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పనిచేసిన జాన్ రస్సెల్ అనే పాదరీ, 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడని, ఈ జాతికి అదే మొదలని చెబుతారు. నక్క బొరియలో దూరితే వెనకాలే దూరి, మొరిగి, దాన్ని బయటికి తరమడం వీటి పని. బొరియలో ఎవరూ చెప్పరు కాబట్టి ఏం చెయ్యాలో సొంతంగా తేల్చుకునే బుద్ధి వీటికి ఒంటబట్టింది. మన ఇంట్లో మనకి మొండితనంగా కనబడేది అదే.

సాయంత్రం ట్యూబ్‌లైట్ వెయ్యగానే గవ్వ గోడ కిందకి చేరుతుంది. లైటు పక్కన బల్లి ఉంటుంది. ముందుకాలు ఒకటి పైకెత్తి, తోక నిటారుగా పెట్టి, కన్నార్పకుండా అలా అరగంట నిలబడుతుంది. పిలిస్తే చెవి ఒక్కటే ఇటు తిరుగుతుంది, తల తిరగదు. కింద పార్కింగ్‌లో పందికొక్కు కనబడితే మాత్రం ఆపడం మా వల్ల కాదు. అందుకే తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా రోడ్డు మీద తాడు విప్పలేదు. మెడ పట్టీ కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ వాడతాం. లాగినప్పుడు గొంతు మీద బరువు పడదు.

మొదటి ఏడాది అత్తయ్య బాల్కనీలో పెంచుకున్న కనకాంబరాలు, చివరికి తులసి కుండీ కూడా తవ్విపోసింది. అత్తయ్య రెండు రోజులు దాని వంక చూడలేదు. తిట్టాం, కుండీలకి అడ్డంగా ఇటుకలు పెట్టాం, ఏమీ పని చెయ్యలేదు. తవ్వడం దాని పుట్టుకలోనే ఉందని తెలిశాక, అపార్ట్‌మెంట్ రిపేర్లకి తెచ్చి మిగిల్చిన ఇసుకని ఒక పాత ప్లాస్టిక్ టబ్బులో పోసి బాల్కనీ మూల పెట్టాం. రోజూ పొద్దున ఆ ఇసుకలో ఒక రబ్బరు బంతి, నాలుగు ఉడికించిన చికెన్ ముక్కలు లోతుగా పాతిపెడతాం. ముక్కు ఇసుకలో పెట్టి ఒకసారి గట్టిగా పీలుస్తుంది, తుమ్ముతుంది, ఇక రెండు ముందుకాళ్లతో మొదలుపెడుతుంది. ఇసుక వెనక గోడకి టపటపా కొడుతుంది. పది నిమిషాల్లో అన్నీ బయటికి వస్తాయి. ఆ తర్వాత రెండు గంటలు నిద్ర. తులసి జోలికి మళ్లీ వెళ్లలేదు. మొరుగుడు కూడా సగానికి తగ్గింది. నా లెక్కలో ఈ జాతికి మనం చేయగలిగిన పనుల్లో ఇదే గొప్పది.

ఇక మన ఊరి వాతావరణం. ఎండ ఒక్కటే అయితే ఫర్వాలేదు, ఉక్కపోత కూడా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే కుక్క ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరులోపే వాకింగ్ ముగిస్తాం. సాయంత్రం బయల్దేరే ముందు తారు రోడ్డు మీద నా అరచేతి వెనక వైపు ఆనిస్తాను. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఆదివారం లాసన్స్ బే వైపు ఇసుకలో పరిగెత్తిస్తాం. ఇంటికి రాగానే ఉప్పంతా పోయేలా మంచినీళ్లతో కాళ్లు, పొట్ట కడిగి, వేళ్ల మధ్య తుడవాలి. లేకపోతే నాకి నాకి పుండు చేసుకుంటుంది. వలల్లోంచి పారేసిన చేపలు నోట పెట్టకుండా చూసుకోవాలి.

మమ్మల్ని నిజంగా ఏడిపించింది గోమార్లు. మూడో ఏడు ఆగస్టులో ఒక పొద్దున గిన్నె చప్పుడు విని కూడా గవ్వ లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది. దగ్గర్లోని క్లినిక్‌లో జ్వరానికి ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం పరీక్ష చెయ్యకుండానే పంపేశారు. రెండో రోజు పెదవి ఎత్తి చూస్తే, ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు సుద్దలా తెల్లబడ్డాయి. వేరే డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు పైన ఉండాల్సినవి నలభై వేలకు పడిపోయాయి. "టిక్ ఫీవరమ్మా, ఇంకో రెండు రోజులు ఆలస్యం చేస్తే కష్టమయ్యేది" అన్నారాయన. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాం. నాలుగో రోజు లేచి వచ్చి నా కాలి మీద గడ్డం ఆనించింది. ఆ రోజు ఇంట్లో అందరం కళ్లనీళ్లు పెట్టుకున్నాం.

అప్పటి నుంచి రోజూ రాత్రి ఒళ్లంతా వేళ్లతో తడిమి చూస్తాను. చెవి లోపల, వేళ్ల సందుల్లో, పట్టీ కింద, తోక అడుగున. డాక్టరు చెప్పిన గోమార్ల బిళ్ల నెలనెలా తప్పదు. గోమార్లు గోడ పగుళ్లలో, మంచాల సందుల్లో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్కకి మాత్రమే మందు వేస్తే సరిపోదు, ఇల్లు కూడా శుభ్రం చెయ్యాలి. ఒక మాట గట్టిగా చెప్తున్నాను, జ్వరం వచ్చిందని ఇంట్లో ఉన్న మన పారాసిటమాల్ వెయ్యకండి. కుక్కలకి అది విషమవుతుంది.

తిండి విషయంలో పెద్ద కష్టం లేదు. చికెన్, అన్నం, గుమ్మడికాయ, కొంచెం డ్రై ఫుడ్. మన వంటలే ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి వేసినవేవీ పెట్టకూడదు. పరమాన్నంలో కిస్మిస్ ఉంటుంది, ద్రాక్ష జాతి ఏదైనా కిడ్నీలను దెబ్బతీస్తుంది. వేసవిలో మామిడి టెంక అందనివ్వకండి, పేగుకి అడ్డం పడితే ఆపరేషనే.

పొట్టి వెంట్రుకలని తక్కువ రాలుతాయనుకున్నాను, కానీ సోఫా నిండా తెల్లగా గుచ్చుకుని ఉంటాయి. నెలకోసారి కుక్కల షాంపూతో స్నానం, వారానికి మూడుసార్లు పళ్లు తోమడం, ఏటా రేబిస్ టీకా. దీపావళి రాత్రి మేమెవరం బయటికి వెళ్లం, టపాసుల చప్పుడు తెలియకుండా ఫ్యాన్ పెట్టి దాని పక్కనే కూర్చుంటాం.

కొనేటప్పుడు మేం చేసిన తప్పు చెప్పాలి. గవ్వని 45 రోజులకే ఇచ్చేశారు, తల్లిని చూపించమంటే ఊళ్లో లేదన్నారు. ఆటలో ఎంత గట్టిగా కొరకకూడదో పిల్లలు తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా నేర్చుకుంటాయి. అది నేర్పడానికి మాకు ఆరునెలలు పట్టింది, పాప చేతుల నిండా గాట్లే. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లిని కళ్లతో చూడండి. పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి వినికిడి చూడండి, తెల్లకుక్కల్లో చెవుడు ఉండొచ్చు. ఈ జాతికి కంట్లో లెన్స్ జారిపోయే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, దానికి జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రులకి ఆ పరీక్ష చేయించారా అని అడగండి. ఎప్పుడైనా కన్ను ఎర్రబడినా, నల్లగుడ్డు మీద నీలంగా మసక కమ్మినా మర్నాటికి వాయిదా వెయ్యకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంట్లో కుందేలు, చిలుక ఉన్నవాళ్లకి, పొద్దున్న పోయి రాత్రికి వచ్చే ఉద్యోగాలవాళ్లకి దీన్ని నేను సిఫార్సు చెయ్యను. నాలుగేళ్లలోపు పిల్లలున్న ఇంటికి కూడా కొంచెం ఆగమంటాను.

ఈ ఏడాది నుంచి గవ్వ మెట్లు కాస్త నెమ్మదిగా ఎక్కుతోంది. ఆరునెలలకోసారి రక్తం, కళ్లు చూపిస్తున్నాం. టబ్బులో ఇసుక మొన్ననే మార్చాం. ముక్కలు పాతిపెట్టేది ఇప్పుడు అత్తయ్యే.