భరతుడా, స్తానిస్లావ్‌స్కీనా? సీమ నాటక బృందాలకు ఏది మేలు?

అనంతపురంలోనో కర్నూలులోనో కొత్తగా నాటకంలోకి వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది ఒక్కటే, నటన దేన్నుంచి నేర్చుకోవాలి అని. కొందరు యూట్యూబ్‌లో రష్యా నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ పాఠాలు చూసి వస్తారు. కొందరు చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుని ఉంటారు, నాట్యశాస్త్రం అంటే హస్తముద్రల పుస్తకం అనుకుంటారు. పరిషత్తు పోటీలు తిరిగిన పెద్దవాళ్ళేమో "పుస్తకాలు పక్కన పెట్టి పది స్టేజీలు ఎక్కు, అదే వస్తుంది" అంటారు. ఎక్కాల్సిందే, కాదనను. కానీ ఎక్కేముందు రిహార్సల్‌లో ఏం చేయాలో ఆ మాట చెప్పదు. అందుకని మిగతా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా మొగ్గు నాట్యశాస్త్రం రాసిన భరతుడి వైపే. అయితే అన్ని విషయాల్లోనూ కాదు.

పోల్చడానికి మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేని సీను ఒకటి తీసుకుంటాను. రైతు అప్పు చేసి బోరు వేయిస్తున్నాడు. బోరు బండి రాత్రంతా మోగింది. తెల్లారేసరికి తెల్లదుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. బండివాళ్ళు ఇంజిన్ ఆపేశారు. కూతురు టీ పట్టుకుని గట్టు మీదకొచ్చి "ఏమైంది నాయనా?" అంటుంది. ఆయన "ఏం లేదు తల్లీ, ఇంకొక పాయింట్ చూస్తామన్నారు" అంటాడు. అంతే సీను.

స్తానిస్లావ్‌స్కీ (1863–1938) పద్ధతిలో నటుడు ముందు తనలోకి చూసుకుంటాడు. ఆ గట్టు మీద నేనే ఉంటే ఏం చేస్తాను అని మొదలుపెట్టి, తన బతుకులో అలాంటి దెబ్బ తగిలిన రోజును గుర్తు తెచ్చుకుంటాడు. కుర్రాళ్ళకు ఇది తొందరగా పట్టుబడుతుంది. అరువు తెచ్చుకున్న సినిమా హీరో గొంతు పోతుంది, డైలాగు మామూలు మాటలా పలుకుతుంది. ఇది చిన్న లాభం కాదు. చిక్కు తర్వాత వస్తుంది. మొదటి రిహార్సల్‌లో వచ్చిన కన్నీళ్ళు తర్వాత రావు. నటుడికి టెన్షన్ మొదలవుతుంది. కన్నీళ్ళ కోసం లోపల వెతుక్కుంటూ, ఎదురుగా టీ గ్లాసుతో నిలబడ్డ కూతుర్నే చూడడం మానేస్తాడు. స్తానిస్లావ్‌స్కీకి కూడా ఈ సంగతి తెలుసు. అందుకే చివరి ఏళ్ళలో జ్ఞాపకాలు తవ్వడం తగ్గించి, శరీరం చేసే పనుల నుంచి మొదలుపెట్టమన్నాడు. సరైన పని సరైన వరసలో చేస్తే భావం దాని వెంటే వస్తుందన్నాడు. ఆ చివరి స్తానిస్లావ్‌స్కీ భరతుడికి చాలా దగ్గర. మన పిల్లలదాకా వచ్చేది మాత్రం ఎక్కువగా ఆ మొదటి పాఠమే.

ఇక భరతుడు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఒక సూత్రం ఉంది: విభావ, అనుభావ, వ్యభిచారి భావాలు కలిస్తే రసం, అంటే చూసేవాడు మనసులో రుచి చూసే భావం, పుడుతుంది. పరీక్షల కోసం బట్టీపట్టిన వాళ్ళకు ఇది అలంకారశాస్త్రంలా వినిపిస్తుంది. రిహార్సల్ గదిలో మాత్రం ఇది పనిముట్టు. మన సీనులో విభావం అంటే ఆ గుంత, ఆ తెల్లదుమ్ము, రాత్రంతా మోగిన ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోవడం. నటుడు ముందు వాటిని చూడాలి, వినాలి. "దుఃఖంగా ఉండు" అని ఎవరికైనా చెప్పడం దండగ. "ఇంజిన్ ఆగింది, విను" అని చెబితే ఎవరైనా చేయగలరు. అనుభావాలు అంటే శరీరంలో కనిపించేవి. కరుణ రసానికి భరతుడు చెప్పిన వాటిలో కన్నీళ్ళతో పాటు నోరు ఎండిపోవడం, ముఖం రంగు మారడం, ఒళ్ళు పట్టుతప్పడం, నిట్టూర్పు, మతిమరుపు ఉన్నాయి. నీళ్ళు పడని రైతుకు నోరు ఎండిపోవడం కన్నా సరైన చేష్ట ఏముంటుంది? కన్నీళ్ళు రాకపోతే కొంప మునగదని నటుడికి ఆ ఒక్క మాటతో ధైర్యం వస్తుంది.

ఆ తర్వాత వచ్చే వ్యభిచారి భావాలు, అంటే మధ్యలో వచ్చిపోయే చిన్న చిన్న భావాలు, ముప్ఫై మూడు. నన్నడిగితే ఈ పట్టికే మొత్తం శాస్త్రంలో నటుడికి దొరికే పెద్ద సొత్తు. మన సీనుకు వీటిని వరసగా పేర్చుకోవచ్చు. ముందు ఔత్సుక్యం, ఇంకాసేపట్లో నీళ్ళు పడతాయేమోనని. తర్వాత శంక. ఇంజిన్ ఆగగానే జడత, ఏమీ తోచక కొయ్యబారిపోవడం. దైన్యం. అప్పుడు కూతురు వస్తుంది, అక్కడ అవహిత్థం. లోపలిది బయటపడకుండా దాచుకోవడం అది. దాన్ని ఎలా అభినయించాలో కూడా ఏడో అధ్యాయంలో ఉంది: వేరే సంగతి మాట్లాడడం, చూపు తిప్పుకోవడం, మాట మధ్యలో తెంచేయడం, లేని ధైర్యం నటించడం. "ఇంకొక పాయింట్ చూస్తామన్నారు" అన్న డైలాగులో ఈ నాలుగూ ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి పుస్తకం మన చేని గట్టు మీద తండ్రిని ఇంత దగ్గరగా చూసిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. భరతుడు ఒట్టి బయటి చేష్టలే చెప్పాడనుకోవడం కూడా తప్పు. కన్నీరు, వణుకు, గొంతు మారడం లాంటి సాత్త్విక భావాలు మనసు ఏకాగ్రమైతేనే పుడతాయని, వేరే ధ్యాసలో ఉన్నవాడి వల్ల కాదని స్పష్టంగా అన్నాడు.

అసలు తేడా ప్రేక్షకుడి దగ్గర ఉంది. స్తానిస్లావ్‌స్కీ పాఠం నటుడి నుంచి మొదలవుతుంది, భరతుడిది చూసేవాడి నుంచి. మన ఊళ్ళలో ఈ నాటకం ఎవరి ముందు ఆడుతున్నాం? ముందు వరసల్లో కూర్చునేది నిజంగా బోర్లు ఎండిపోయిన వాళ్ళే. నటుడు తన సొంత దుఃఖాన్ని బయటపెడితే, చూసేవాళ్ళు తమ సొంత దుఃఖంలోకి వెళ్ళిపోతారు. నాటకం అక్కడే ఆగిపోతుంది. కాశ్మీరానికి చెందిన అభినవగుప్తుడు వెయ్యేళ్ళ కిందట నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ రసానికి అడ్డుపడే ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి సరిగ్గా ఇదే, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం. అది పోవడానికే పాట, వాద్యం, రంగస్థలం అలంకరణ ఉన్నాయన్నాడు. జాతర్లలో పద్యనాటకానికి హార్మోనియం ఎందుకని మొహం చిట్లించే వాళ్ళు ఈ మాట ఒకసారి ఆలోచించాలి. హరిశ్చంద్రుడి కాటిసీను తెల్లవారుజామున చూసి ఏడ్చిన ఆడవాళ్ళు తేలికపడి ఇంటికి వెళ్ళడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఆ ఏడుపు వాళ్ళను కుంగదీయదు.

అయితే ఏ కథ చెప్పాలి అనే దగ్గర నేను భరతుడి వెంట నడవను. ఆయన లెక్కలో నాటకానికి నాయకుడు రాజు. కల్పిత కథతో నడిచే ప్రకరణానికైతే బ్రాహ్మణుడో మంత్రో వర్తకుడో సరిపోతారు. వేరుశనగ పండించే రైతుకు అందులో నాయకస్థానం లేదు. పాత్రల్ని ఉత్తమ, మధ్యమ, అధమ అని విడగొట్టి, కిందివాళ్ళకు నవ్వులాట వదిలేయడం ఈరోజు ఎవరూ ఒప్పుకోకూడదు. విషాదాంతానికీ ఆ సంప్రదాయంలో చోటు తక్కువ. ఆ గోడ తెలుగులో బద్దలు కొట్టింది మన సీమ మనిషే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర'ను తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా చెబుతారు. ఆయన మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ, పద్యాల్లో రాగాల సాగదీత తగ్గించి భావానికి పెద్దపీట వేశాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టాడు. సహజ నటన కావాలనుకునే వాళ్ళు మాస్కో దాకా పోనక్కర్లేదు, తాడిపత్రి చాలు.

కథ విషయంలోనే భరతుడి నియమం ఒకటి మాత్రం నేను గట్టిగా పట్టుకుంటాను. యుద్ధం, రాజ్యం పోవడం, మరణం ఎదురుగా చూపించకుండా ప్రవేశకాల ద్వారా, అంటే అంకాల మధ్య చిన్న పాత్రలు మాట్లాడుకునే సీన్లలో, చెప్పించమన్నాడు. సంస్కృతంలోనే దీన్ని దాటినవి ఉన్నాయి. భాసుడిదని చెప్పే 'ఊరుభంగం'లో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు. కానీ కరువు మీద వచ్చే నాటికల్లో చాలావాటికి రైతు స్టేజీ మీదే ప్రాణం తీసుకోవడం ఒక అలవాటు ముగింపు అయిపోయింది. ఎదురుగా ఆ కుటుంబాల వాళ్ళు కూర్చుని ఉండగా ఆ సీను ఆడడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. పక్కింటి మనిషి వచ్చి ఒక్క మాట చెబితే అంతకన్నా బలంగా తగులుతుంది.

స్టేజీ, సెట్టింగుల సంగతిలో డబ్బులేని బృందానికి భరతుడే మేలు, ఇందులో పెద్ద చర్చ లేదు. ఆయన కక్ష్యావిభాగం ప్రకారం రంగం మీద ఒక చుట్టు తిరిగితే వేరే చోటికి చేరినట్టే. ఇంటి నుంచి చేనికి, చేని నుంచి బ్యాంకుకు మూడడుగుల్లో పోవచ్చు, కర్టెన్ దించక్కర్లేదు. శాకుంతలం మొదటి అంకంలో రథం లేకుండానే రథం పరుగెడుతుంది. అలాగని సెట్టింగుల వైభవాన్ని తక్కువ చేయను. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాల మాయలు, తెరలు చూసినవాళ్ళెవరూ తక్కువ చేయలేరు. ఆహార్యంలో, అంటే వేషం, రంగస్థల సామగ్రి లెక్కలో, యంత్రాలతో పనిచేసే వాటిని భరతుడూ లెక్కలోకి తీసుకున్నాడు. కానీ సురభి పని తరతరాలుగా కుటుంబమంతా కలిసి చేసేది. ఆఫీసు అయ్యాక రిహార్సల్‌కి వచ్చే మనలాంటి వాళ్ళకు సాధ్యపడదు.

హాలు కొలత దగ్గర మాత్రం ఇప్పటి వాళ్ళు తప్పకుండా వినాలి. మనుషులు ఆడే నాటకానికి 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు దాటొద్దన్నాడు భరతుడు. దాటితే గొంతు చెదిరిపోతుంది, ముఖంలో భావం కనిపించదు అని కారణం కూడా చెప్పాడు. మనం పెద్ద ఆడిటోరియం దొరికిందని సంబరపడి, పైన మైకులు వేలాడదీసి, నటుల్ని వాటి కిందకు తోలుతాం. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకోవడం మాని మైకు వైపు చూస్తూ మాట్లాడతారు. అవహిత్థం సంగతి దేవుడెరుగు, ఎవరి ముఖమూ ఎవరికీ కనపడదు. చిన్న హాలు, తక్కువ జనం, మైకు లేని గొంతు, వీటితో ఒక్కసారైనా ఆడి చూడాలి.

వీధి నాటికలు వేసేవాళ్ళకు జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ దారి ఒకటుంది. ప్రేక్షకుడు కథలో మునిగిపోకుండా ఆలోచించాలంటాడు. బీమా, మద్దతు ధర లాంటి సంగతుల మీద ఇరవై నిమిషాల నాటికకు అదే సరైనది. అక్కడ రసం కోసం వెతకనక్కర్లేదు.

బృందం పెట్టుకున్నవాళ్ళు ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. స్క్రిప్టు మన యాసలోనే రాసుకోండి. ఏ పాత్ర ఏ ప్రాంతపు భాష మాట్లాడాలో భరతుడు ఒక అధ్యాయమంతా రాశాడు కాబట్టి యాస శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు. డైలాగు పలకడం వరకు రాఘవ దారిలో సాధన చేయండి. కదలిక మొదలయ్యాక భరతుడి వరస పట్టుకోండి. ముందు ఏం చూస్తున్నాడు, తర్వాత ఒళ్ళు ఏం చేస్తోంది, మధ్యలో ఏ భావాలు వచ్చిపోతున్నాయి అని ప్రతి సీనుకు ఒక కాగితం రాసుకోవాలి. పోణంగి శ్రీరామ అప్పారావు గారి తెలుగు 'నాట్యశాస్త్రము' ఉంది, 1960లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న పుస్తకం. మొదటి పేజీ నుంచి చదవకండి, ఓపిక అయిపోతుంది. ఆరు, ఏడు అధ్యాయాలు ముందు చదవండి, తర్వాత మండపం గురించి చెప్పే రెండోది. హస్తాల అధ్యాయం ఆఖరికి ఉంచండి. అది ముందు చదివిన పిల్లలతో రైతు వేషం వేయిస్తే, పార పట్టాల్సిన చేతిలో పతాకహస్తం అనే నాట్యముద్ర కనిపిస్తుంది.