అయిదడుగుల మనిషికి సీటు లోతే ముఖ్యం: మూడేళ్లకు పైగా వాడిన ఆఫీసు కుర్చీ

లంబార్ సపోర్ట్ (నడుముకు ఆనే ఆధారం), మెష్ (జాలీ గుడ్డ), హెడ్‌రెస్ట్ అన్నీ ఈ కుర్చీకి ఉన్నాయి. ఫోటో చూస్తే తెలిసేవే కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. ఇన్నాళ్లు వాడాక నేను చెప్పదలచుకున్నది సీటు కింద కుడివైపున ఉండే చిన్న లివర్ గురించి. దాన్ని పైకి లాగి పట్టుకుంటే సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నా నడుమును కాపాడింది అదే.

నా ఎత్తు అయిదడుగులు. విజయవాడలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ గడువు. ఆ తేదీలు దగ్గరపడితే భోజనానికి తప్ప లేచే పని ఉండదు. ఇంతకుముందు వాడిన కుర్చీల్లో సీటు నాకు మరీ లోతు. వీపు ఆనేదాకా వెనక్కి జరిగితే అంచు మోకాలి వెనక మడతలో ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కేవి. అందుకని తెలియకుండానే ముందుకు జరిగి కూర్చునేదాన్ని. వీపుకూ కుర్చీకీ మధ్య జానెడు ఖాళీ ఉన్నాక వెనకాల ఎంత ఖరీదైన సపోర్ట్ ఉంటే మాత్రం ఏం లాభం? సాయంత్రానికి నడుం కింది భాగం బిగుసుకుపోయి, టేబుల్ పట్టుకుని గానీ లేవలేకపోయేదాన్ని.

ఈ సీటు లోతును 48 సెంటీమీటర్ల నుంచి 43కి తగ్గించుకోవచ్చు. వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాక సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, అంతే కొలత. వీపు ఆనడం ఎంత అవసరమో ఒక పాత ప్రయోగం గురించి చదివాక ఇంకా బాగా అర్థమైంది. 1999లో జర్మనీలో విల్కె బృందం ఒక మనిషి నడుము డిస్కులో సెన్సర్ పెట్టి ఒత్తిడి కొలిచింది. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్నది, కుర్చీలో వెనక్కి జారగిలబడితే 0.27కి తగ్గింది. కూర్చుని బాగా ముందుకు వంగితే 0.8 దాటింది. ఒక్క మనిషి మీద తీసిన లెక్కే అయినా, నా సాయంత్రాలకు అది సరిగ్గా సరిపోతుంది.

కొత్తలో లంబార్ నాబ్ తిప్పి ఆఫీసులో అందరికీ చూపించేదాన్ని. సీటు కుదిరాక దాన్ని సగానికి తగ్గించేశాను. ఎక్కువ బిగిస్తే వెన్నును ముందుకు తోస్తోంది. హెడ్‌రెస్ట్ నా తల వెనక్కే వస్తుంది, ఆనదు. మెష్ కూడా ముందువైపు కాస్త సాగి, లోపలి ఫ్రేము తొడకు తెలుస్తోంది.

ఇక గ్యాస్ లిఫ్ట్, అంటే కుర్చీని పైకీ కిందికీ జరిపే సిలిండర్. రెండో ఏడాది చివర్లో, 3బీ గడువుకు ముందు, కుర్చీ మెల్లగా దిగడం మొదలైంది. పైకి లేపి కూర్చుంటే కాసేపట్లో మళ్లీ అడుగుకు చేరేది. టేబుల్ ఎత్తు మారదు కదా, కుర్చీ దిగేకొద్దీ మోచేతులు లేస్తాయి, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి. మెడ పట్టేసింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వీడియో పంపమన్నారు. పంపాక, అయిదేళ్ల వారంటీ ఫ్రేముకేననీ లిఫ్టుకు ఏడాదేననీ తేల్చారు. అయిదేళ్లని పెద్ద అక్షరాలతో వేసి, ఆ తేడాను మాత్రం కనపడనివ్వలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

కుర్చీని మూలన పెట్టి ఆఫీసు పాత కుర్చీలో కూర్చున్నాను. వారం తిరక్కుండానే నడుం నొప్పి అదే చోట, అదే వేళకు తిరిగొచ్చింది. అప్పటిదాకా నొప్పి తగ్గింది నేను చేస్తున్న వ్యాయామాల వల్లేమో అన్న అనుమానం ఉండేది. వ్యాయామం ఆ వారం కూడా మానలేదు, మారింది సీటు ఒక్కటే.

చివరికి ఊళ్లో కుర్చీలు బాగుచేసే ఒకతన్ని పిలిచాం. కుర్చీ తిరగేసి, చక్రాల స్టాండు మధ్యలో సుత్తితో గట్టిగా కొడితే సిలిండర్ ఆ వైపు ఊడింది. సీటు వైపు పైప్ రెంచ్ పట్టి తిప్పి లాగాడు. "సీల్ పోయి గ్యాస్ లీకవుతోంది మేడమ్. దీనికి రిపేరుండదు, మార్చాల్సిందే" అని క్లాస్-4 అనే గట్టి రకం సిలిండర్ వేశాడు. బోల్టు ఒక్కటి కూడా లేదు, కూర్చుంటే మన బరువుకే బిగుసుకుంటుందట. చూస్తుండగానే పని అయిపోయింది. ఇంత చిన్న పనికి కంపెనీ నన్ను అన్ని రోజులు తిప్పింది.

మా ఆఫీసులో ఇద్దరు నడుం బెల్టు పెట్టుకుని పనిచేస్తున్నారు. దీర్ఘకాలిక నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును సాగదీసే చికిత్స) మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వ్యాయామాన్ని మాత్రం సిఫారసు చేసింది. కుర్చీ ఎంత మంచిదైనా మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయకపోతే నాకు పట్టేస్తూనే ఉంటుంది. ఇంకో మాట, 75 సెంటీమీటర్ల టేబుల్‌కు తగ్గట్టు కుర్చీ లేపితే నా పాదాలు నేలకు ఆనవు, కింద ఇంటి నుంచి తెచ్చిన పీట వేసుకున్నాను. పీట లేకుండా ఈ కుర్చీని నేను ఇంతగా మెచ్చుకోను.

నాకు డిస్కు జబ్బు లేదు, కూర్చోవడం వల్ల వచ్చే నొప్పే. నొప్పి కాల్లోకి పాకుతున్నా, కాలు మొద్దుబారుతున్నా ముందు డాక్టర్‌కు చూపించుకోండి, కుర్చీ తర్వాత. అయిదున్నర అడుగులు దాటినవాళ్లకు ఈ లివర్‌తో పెద్దగా పని ఉండకపోవచ్చు, దాని కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. నేనైతే మళ్లీ ఇదే కొంటాను, గ్యాస్ లిఫ్టుకు వారంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకుని.