పాము పొట్ట కింద పరిచేది: ఏడు రకాల పరుపులతో తొమ్మిదేళ్ల అనుభవం

మా ఇంట్లో మూడు పాములు పెరుగుతున్నాయి. కార్న్ స్నేక్ వచ్చి తొమ్మిదేళ్లు, బాల్ పైథాన్ వచ్చి ఏడేళ్లు, వెస్టర్న్ హాగ్‌నోస్ వచ్చి నాలుగేళ్లు అయింది. ఈ కాలంలో వాటి పెట్టెల అడుగున కాగితం మొదలుకొని మట్టి మిశ్రమం దాకా ఏడు రకాల పరుపులు వేసి చూశాను. కొన్నింటిని ఏళ్ల తరబడి వాడాను, ఒకదాన్ని నెల తిరగకముందే తీసి పారేశాను. కొత్తగా పామును తెచ్చుకునేవారు పెట్టె కొలతల గురించి, దీపాల గురించి, మేత గురించి ఎంతో వాకబు చేసి, అడుగున పరిచేదాని విషయంలో మాత్రం చేతికందిన సంచితో సరిపెట్టుకోవడం చాలాసార్లు చూశాను. మొదటి ఏడాది నేను చేసిందీ అదే, దాని ఫలితం నా బాల్ పైథాన్ అనుభవించింది.

పాముకు కాళ్లు లేవు. అది తిరుగుతున్నా, చుట్టచుట్టుకుని పడుకున్నా, మేత అరిగించుకుంటున్నా పొట్ట ఆ పరుపుకు ఆనుకునే ఉంటుంది. నాలుక చాచి చుట్టుపక్కల వాసనలను అందుకుని నోటి పైభాగంలోని జాకబ్‌సన్ అవయవానికి చేరవేస్తుంది, ముక్కు రంధ్రాలు నేలకు వేలెడు ఎత్తులో కూడా ఉండవు. అందువల్ల పరుపులోని ధూళి, బూజు, ఘాటు, తడి మనకు తెలిసేలోపే దానికి తగులుతాయి. ఏ పరుపునైనా నేను ఇప్పుడు చూసేది ఒక్కటే: వేసిన వారం తరువాత దాని అడుగు పొర ఎలా ఉంది? పై పొర చూసి మెచ్చుకున్న పరుపులు నన్ను రెండుసార్లు దెబ్బతీశాయి.

ముందుగా నేను ఎక్కువ కాలం వాడిన ఆస్పెన్ పొట్టు గురించి చెబుతాను. ఇది వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టులాగే పలుచగా, మెలికలు తిరిగి ఉంటుంది. ఆస్పెన్ కలపలో ఘాటైన నూనెలు లేకపోవడం దీని ప్రధాన గుణం. కార్న్ స్నేక్‌కు ఆరేళ్లు ఇదే వేశాను, హాగ్‌నోస్‌కు మొదటి మూడు నెలలు తప్ప ఇప్పటికీ ఇదే వేస్తున్నాను. పది సెంటీమీటర్ల మందాన పోసి అరచేతితో కాస్త అదిమితే పాము తవ్విన సొరంగం కూలిపోకుండా నిలుస్తుంది. హాగ్‌నోస్ ముట్టె పైకి తిరిగి చిన్న పారలా ఉంటుంది. అది ఆ ముట్టెను పొట్టులోకి దూర్చి తల అటూ ఇటూ ఆడిస్తూ ముందుకు సాగుతుంటే పై పొర కొద్దికొద్దిగా కదులుతూ, ఉబ్బుతూ పోతుంది. కాసేపటికి పెట్టెకు అవతలి మూలన ముట్టె ఒక్కటే బయటికి వస్తుంది. తవ్వుకునే పామును వట్టి కాగితం మీద ఉంచితే దాని దినచర్యలో సగం లేకుండా చేసినట్టేనని నాకు ఈ దృశ్యం చూశాకే పూర్తిగా అర్థమైంది.

ఆస్పెన్‌తో ఉన్న చిక్కు తడి. నీళ్ల గిన్నె ఒక్కసారి ఒలికితే దాని కింద రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. మొదట తెల్లటి నూలు పోగుల్లా కనిపించి, ఆ తరువాత పొట్టు నల్లబడి ముద్దకడుతుంది. ఇప్పుడు బరువైన పింగాణీ గిన్నెను చల్లని వైపు ఒక చదునైన పలక మీద పెడుతున్నాను, ఆ పలకను ఎత్తి చూడడం రోజూ చేసే పనుల్లో ఒకటి. రెండో చిక్కు ధూళి. ఒకే రకం సంచుల్లోనే ఒకటి శుభ్రంగా, మరొకటి పిండిలా ఉంటుంది, అందుకని జల్లెడ పట్టనిదే పెట్టెలో పోయను. మలం పడిన చోట చుట్టూ ఉన్న పిడికెడు పొట్టుతో సహా అప్పటికప్పుడే తీసేస్తూ, మొత్తాన్ని రెండు మూడు నెలలకొకసారి మారుస్తాను. పొడి వాతావరణం సరిపడే పాములకు, అంటే కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, హాగ్‌నోస్ వంటి వాటికి, తక్కువ శ్రమతో సరిపోయేది ఇదే అని నా అభిప్రాయం.

అదే ఆస్పెన్‌ను బాల్ పైథాన్‌కు వేయడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఈ పాముకు గాలిలో తేమ దాదాపు 55 నుంచి 70 శాతం ఉండాలి. నా పెట్టెలో అది నలభై దాటేది కాదు. మూడో కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, తోక కొసన ఉంగరంలా ఒక పట్టీ బిగుసుకుపోయింది, ఎడమ కంటి మీది పారదర్శకమైన పొర రాలకుండా అలాగే ఉండిపోయి కన్ను ముడతలు పడినట్టు కనిపించింది. తేమ పెంచాలని రోజుకు రెండు పూటలా నీళ్లు చిలకరించాను. పై పొర గంటలో ఆరిపోయేది, కిందికి దిగిన తడి మాత్రం ఎటూ పోయేది కాదు. దాక్కునే గూటిని ఎత్తినప్పుడు వచ్చిన ముక్కిపోయిన వాసన ఇప్పటికీ గుర్తుంది. పాము తన పగలంతా గడిపే చోటు అది.

అక్కడి నుంచి మెత్తటి కొబ్బరి పొట్టుకు మారాను. ఇటుకలా అదిమిన దిమ్మను గోరువెచ్చని నీళ్లలో వేస్తే కొన్ని రెట్లు ఉబ్బి, చూడడానికి మంచి నల్లమట్టిలా తయారవుతుంది. గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటర్ 70 చూపించింది, నాకు సంతోషం కలిగింది. నేను గమనించని సంగతి ఏమిటంటే, నానబెట్టిన పొట్టును సరిగ్గా పిండకుండానే పరిచాను. ఐదారు వారాల తరువాత పామును చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పి చూస్తే, పొట్ట మీది వెడల్పాటి పొలుసుల్లో నాలుగైదింటి అంచులు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి, ఒకటి గోధుమరంగు మచ్చపడి కాస్త లేచి ఉంది. పొలుసుల కుళ్లు మొదలవుతోందని పశువైద్యురాలు చెప్పి, పాము పూర్తిగా నయమయ్యేదాకా పొడి కాగితం మీదనే ఉంచాలన్నారు, పూయవలసిన మందు ఇచ్చారు. తొందరగా పట్టుకోవడం వల్ల రెండు కుబుసాలతో ఆ మచ్చలు పోయాయి. అదే ఆలస్యమైతే ఈ జబ్బు లోపలికి పాకి రక్తంలోకి కూడా చేరగలదు.

ఆ అనుభవంతో నాకు తెలిసింది ఇది: బాల్ పైథాన్‌కు కావలసింది తేమ ఉన్న గాలి, అంతేగాని పొట్ట కింద తడి కాదు. ఈ రెండింటినీ ఒకే పరుపుతో సాధించాలంటే అడుగున తడి, పైన పొడి ఉండాలి. దానికి నాకు అన్నిటికన్నా బాగా కుదిరినది కొబ్బరి డొప్ప పీచును గోలీకాయంత ముక్కలుగా కోసిన రకం. మూడున్నరేళ్లుగా బాల్ పైథాన్‌కు అదే వాడుతున్నాను. ముక్కల మధ్య గాలి ఆడుతుంది, ఒక్కో ముక్క నీటిని లోపల దాచుకుని మెల్లగా వదులుతుంది. పరిచే ముందు గుప్పెడు తీసుకుని గట్టిగా పిండుతాను. వేళ్ల సందుల నుంచి నీరు కారితే అది ఇంకా ఆరాలి. చేతికి చెమ్మ తగిలి, చుక్క రాలకపోతే సరిపోతుంది. ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల మందాన పరిచి, ఆ తరువాత పైన చిలకరించడం పూర్తిగా మానేసి, వారం పది రోజులకొకసారి నాలుగు మూలల్లో కొద్దికొద్దిగా నీరు పోస్తాను. ఆ నీరు అడుగుకు దిగి అక్కడి నుంచి ఆవిరవుతుంది, పాము పడుకునే పైభాగం పొడిగా ఉంటుంది. కుబుసానికి ముందు కళ్లు పాలరంగులోకి మారగానే, తడిపి పిండిన స్ఫాగ్నం నాచును ఒక మూత డబ్బాలో నింపి, పాము దూరేంత రంధ్రం చేసి లోపల పెడతాను. ఈ పద్ధతి మొదలుపెట్టాక ఒక్క కుబుసం కూడా ముక్కలు కాలేదు.

హైగ్రోమీటర్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ముల్లు తిరిగే చవక రకాన్ని పెట్టె పైగోడకు అంటించి రెండేళ్లు నమ్మాను. డిజిటల్ పరికరం కొన్నాక, దాని ప్రోబ్‌ను, అంటే తీగ కొసన ఉండే కొలత మొనను, పరుపుకు కాస్త పైన, పాము ఉండే ఎత్తులో పెడితే అంకెలు పూర్తిగా వేరుగా వచ్చాయి. పెట్టె పైభాగం మొత్తం జాలీ అయితే ఏ పరుపు వేసినా తేమ నిలవదు. నేను జాలీలో సగానికి పైగా మూసి, గాలి ఆడేందుకు మిగిలినది వదిలాను.

కొబ్బరి ముక్కలకు ముందు రెండేళ్లు సైప్రస్ చెక్క ముక్కలు వాడాను. తేమను బాగా నిలుపుతాయి, బూజును తట్టుకుంటాయి, తడిసినప్పుడు వచ్చే వాసన కూడా బాగుంటుంది. ఒక సంచిలో చక్కటి పలుచని రేకులు, మరొక సంచిలో సూదుల్లాంటి పేళ్లు రావడమే నాకు నచ్చలేదు. ప్రతిసారీ కూర్చుని ఏరవలసి వచ్చేది. ఏరే ఓపిక ఉన్నవారికి ఇది కొబ్బరి ముక్కలకు ఏమాత్రం తీసిపోదు.

దేవదారు జాతికి చెందినదిగా అమ్మే సెడార్ పొట్టును మాత్రం ఏ పాముకూ, ఏ కారణంతోనూ వేయవద్దు. మనకు ఇంపుగా అనిపించే ఆ సువాసనే అందులోని నూనెలది, మూసిన పెట్టెలో వేడికి అవి ఆవిరై ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. బట్టీలో ఆరబెట్టిన పైన్ కలప పొట్టు పరవాలేదని వాడేవారు ఉన్నారు, ఆస్పెన్ దొరుకుతుండగా ఆ సందేహం పెట్టుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. నెల తిరగకుండా తీసేసింది రెప్టైల్ కార్పెట్, అంటే పెట్టె అడుగున పరిచే తివాచీ లాంటి గుడ్డ. ఉతికి ఆరేసినా పోగుల మధ్య చిక్కిన మలం వాసన పోలేదు, పాముకు తవ్వడానికీ తలదాచుకోవడానికీ అందులో ఏమీ లేదు. క్యాల్షియం ఇసుక నేను వాడలేదు, వాడను. తడి తగిలితే గడ్డకట్టే పదార్థం మేతతో పాటు కడుపులోకి పోయి పేగుకు అడ్డుపడుతుందన్న భయం నాకు సమంజసంగానే తోస్తుంది.

మేత సంగతి వచ్చింది కనుక, పరుపు మింగుతుందేమోనన్న ఆందోళనకు నా పద్ధతి చెబుతాను. గడ్డకట్టించి నిల్వ చేసిన ఎలుకను కరిగించి, కాగితంతో బాగా తుడిచి, పట్టకారుతో అందించి, పాము పట్టుకున్న చోట చదునైన పలక ఉండేలా చూస్తాను. తడి ఎలుక కొబ్బరి పొట్టులో దొర్లితే పిండిలో ముంచినట్టు అవుతుంది, ఆస్పెన్ రేకు ఒకటి నోటి అంచున ఇరుక్కుంటే పాము చాలాసేపు దవడలు ఆడిస్తూ ఇబ్బంది పడుతుంది. ఒకటి రెండు తునకలు లోపలికి పోయినా ఆరోగ్యంగా ఉన్న పాము వాటిని మలంతో వదిలేస్తుంది. మేత కోసం వేరే డబ్బాలోకి మార్చడం నేను మానేశాను, నిండు కడుపుతో ఉన్న పామును మళ్లీ ఎత్తితే కక్కే ప్రమాదం ఉంది.

కాగితాన్ని చులకనగా చూసేవారు చాలామంది ఉన్నారు. కొత్తగా వచ్చిన పాముకు మొదటి మూడు నెలలు తెల్లటి పేపర్ టవల్స్‌ను మించినది లేదని నేను గట్టిగా చెబుతాను. హాగ్‌నోస్ వచ్చిన రెండో వారంలో అది నీళ్ల గిన్నెలోనే గంటల తరబడి పడుకోవడం చూసి అనుమానం వచ్చింది. కాగితం ఎత్తి వెలుతురులో పెడితే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటిలో కొన్ని నడుస్తున్నాయి. అవి పాము రక్తం తాగే మైట్లు. అదే ఆస్పెన్‌లోనో కొబ్బరి ముక్కల్లోనో అయితే నాకు ఇంకో నెల దాకా తెలిసేది కాదు, ఈలోగా మిగతా రెండు పెట్టెలకూ పాకేవి. మలం ఎలా ఉంది, యూరేట్లు, అంటే పాము గట్టి ముద్దగా విసర్జించే మూత్రం, తెల్లగా ఉన్నాయా పసుపు తిరిగాయా అన్నది కూడా కాగితం మీద స్పష్టంగా తెలుస్తుంది. దాక్కోవడానికి రెండు గూళ్లు, నలిపిన కాగితపు ఉండలు వేస్తే పాముకు ఆ మూడు నెలలూ ఇబ్బంది లేకుండానే గడుస్తాయి.

మూడేళ్ల క్రితం కార్న్ స్నేక్ పెట్టెను మట్టికి మార్చాను. ఎరువు గానీ, కుండీల మట్టిలో కలిపే పెర్లైట్ అనే తెల్లటి గుళికలు గానీ కలపని మట్టి, కొంత ఇసుక, కొంత కొబ్బరి పొట్టు, పైన ఎండుటాకులు. మొత్తం పన్నెండు సెంటీమీటర్లు, దాని కింద నీరు దిగేందుకు గులకల పొర. అందులో స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్లు అనే చిన్న పురుగులను వదిలితే అవి బూజును, చిన్నచిన్న వ్యర్థాలను తింటాయి. పెద్ద మలాన్ని మాత్రం చేత్తో తీయాల్సిందే, పురుగులే అంతా చూసుకుంటాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఒక వైపు మట్టిని చెమ్మగా ఉంచి మరో వైపు పొడిగా వదిలితే, పాము తనకు కావలసిన చోటు తానే ఎంచుకుంటుంది. కుబుసం ముందు రోజుల్లో అది చెమ్మ వైపున్న బెరడు కింద ఉండడం ప్రతిసారీ చూస్తున్నాను. మైట్లు వస్తే ఈ ఏర్పాటు అంతా తీసి పారేయక తప్పదు, మైట్లను చంపే మందు ఐసోపాడ్లను కూడా చంపుతుంది. మూడు నెలలు కాగితం మీద గడవని పామును ఇలాంటి పెట్టెలోకి వదలకపోవడానికి అదొక్కటే కారణం చాలు.

మందపాటి పరుపు వేసేవారు అడుగున అంటించే హీట్ మ్యాట్ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. పరుపు వేడిని పైకి రానివ్వదు, అడుగున అద్దం మాత్రం కాలుతుంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్‌ను పరుపు పైన పెడితే అక్కడ 31 డిగ్రీలు రావడానికి మ్యాట్ ఇంకా ఇంకా వేడెక్కుతుంది, పాము తవ్వుకుంటూ దిగి ఆ అద్దం మీదనే పడుకుంటుంది. ప్రోబ్ మ్యాట్‌కూ అద్దానికీ మధ్య ఉండాలి, లేదా వేడి పైనుంచి రావాలి. నేను మూడు పెట్టెల్లోనూ పై నుంచే వేడి ఇస్తున్నాను. దానివల్ల బాల్ పైథాన్ పెట్టెలో పై పొర త్వరగా ఆరడం, మూలల్లో పోసిన నీరు మాత్రం అడుగున నిలవడం కూడా సులభమైంది.

కొబ్బరి ముక్కలను నాలుగు నెలలకొకసారి పూర్తిగా మారుస్తాను. పోయిన వారం అలా మార్చడానికి గూడు ఎత్తితే దాని వెనక బాల్ పైథాన్ కుబుసం మేజోడు తిప్పి విడిచినట్టు ఒకే ముక్కగా ఉంది, రెండు కళ్ల పొరలూ తోక కొసా దానితోనే వచ్చాయి. పట్టి చూస్తే ఇంకా చెమ్మగా, మెత్తగా ఉంది, కింద ఉన్న కొబ్బరి ముక్కలు పొడిగా ఉన్నాయి.