శివరాత్రికీ ఉగాదికీ నడుమ హైదరాబాద్

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు అనే మాట హైదరాబాద్‌కు చక్కగా అతుకుతుంది. పంచాంగం లెక్కన వసంతం చైత్రంతో మొదలైనా, ఈ దక్కన్ పీఠభూమి మీద మోదుగ చెట్లు ఫాల్గుణంలోనే ఆకు రాల్చి ఎర్రగా విరగబూస్తాయి. తెల్లవారుజామున పల్చటి శాలువా కప్పుకోవాలనిపిస్తుంది, మధ్యాహ్నానికి ఎండ 32, 33 డిగ్రీలకు చేరుతుంది, సాయంత్రం ఆరు దాటేసరికి ఆరుబయట కూర్చోగలిగేంత గాలి మళ్లీ వీస్తుంది. ఈ కొద్ది వారాల్లో నగరం ఉదయం, సాయంత్రం మనిషిని బయటికి పిలుస్తుంది, మధ్యాహ్నం భోజనానికీ కునుకుకీ లోపలికి పంపుతుంది. ఆ వేళలకు తగ్గట్టు బస ఎక్కడ తీసుకున్నామన్న దాని మీదే యాత్ర బాగోగులు చాలావరకు ఆధారపడి ఉంటాయని నా అభిప్రాయం.

రాజమండ్రి నుంచి మేం నలుగురం వెళ్లాం. మా వారు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి, నేను. రెండు ప్రాంతాలనూ పోల్చి చూడాలన్న ఉద్దేశంతోనే యాత్ర తొలి సగం హైటెక్ సిటీ వైపు, మిగతా సగం లక్డీకాపూల్‌లో గదులు తీసుకున్నాం. హైటెక్ సిటీ హోటల్లో గది విశాలంగా, శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, రాత్రి చప్పుడు లేదు. ఆఫీసు పని మీద వచ్చేవారు తగ్గిపోవడంవల్ల శని, ఆదివారాల్లో అద్దె కూడా తగ్గింది. అయితే ఫోన్లో మాట్లాడినప్పుడు అదనపు పరుపు అద్దెలో కలిసే ఉంటుందని చెప్పినవారు, ఖాళీ చేసే రోజున బిల్లులో దాన్ని విడిగా రాశారు. మా వారు వాట్సాప్ సందేశం చూపించాక తీసివేశారు గానీ, రైలు వేళకు అరగంట ముందు ఇలాంటి వాదన వస్తే పెద్దవాళ్లతో ఉన్నవారికి ఎంత ఇబ్బందో ఆలోచించాలి. గది మాట్లాడుకునేటప్పుడు ప్రతి విషయాన్నీ రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

లక్డీకాపూల్ లాడ్జి పాతది. గది చిన్నది, వేడినీళ్లు ఉదయం తొమ్మిది వరకే వచ్చేవి, కిటికీ తెరిస్తే హారన్ల మోత. అయినా నన్ను అడిగితే రెండో బసకే ఓటు వేస్తాను. రవీంద్రభారతికి నడిచి వెళ్లవచ్చు, మోజంజాహీ మార్కెట్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు, మెట్రో స్టేషను పక్కనే. పడమటన హైటెక్ సిటీలో ఉన్నప్పుడు సాయంత్రం ప్రదర్శనకు కారులో బయలుదేరితే గంట దాటినా చేరుకుంటామన్న నమ్మకం ఉండేది కాదు. మెట్రోలో మాత్రం హైటెక్ సిటీలో ఎక్కి, అమీర్‌పేటలో నీలం లైను నుంచి ఎరుపు లైనుకు మారి, చెప్పిన వేళకు చేరాం. అమీర్‌పేటలో ఆఫీసులు వదిలే సమయంలో జనం తోసుకుంటూ ఉంటారు కాబట్టి, పెద్దవాళ్లను ఎస్కలేటర్ వైపు కాక లిఫ్టు వైపు తీసుకువెళ్లాలి. పాతబస్తీలో చార్మినార్ దాకా మెట్రో లేదు. ఎంజీబీఎస్ స్టేషనులో దిగి ఆటో మాట్లాడుకోవలసిందే.

ఈ యాత్రలో అన్నిటికంటే నాకు నచ్చింది రవీంద్రభారతిలో చూసిన సురభివారి మాయాబజార్ నాటకం. 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా వెలసిన ఆ ప్రేక్షకశాలలో వెనక వరుసలోంచి కూడా వేదిక బాగా కనిపిస్తుంది. సురభి కథ మన ప్రాంతంవాళ్లకు కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ నాటక సమాజం, ఊరూరా డేరాలు వేసుకుంటూ తరతరాలుగా ఒకే కుటుంబవృక్షంగా పెరిగింది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలోనే ఆ కుటుంబాల స్త్రీలు వేదిక ఎక్కారు. మా అత్తయ్యగారు చిన్నతనంలో గోదావరి గట్టున వాళ్ల డేరా ముందు చాప పరుచుకుని చూశారట. ఇప్పుడు మెత్తటి కుర్చీలో కూర్చున్నా, పద్యం ఎత్తుకోగానే ఆవిడ పెదవులు కూడా కదిలాయి.

ఘటోత్కచుడు విందు ముందు కూర్చున్న ఘట్టంలో లడ్డూలు పళ్లెంలోంచి లేచి ఒక్కొక్కటే అతని నోట్లోకి వెళ్తాయి. కంప్యూటర్లు, తెరమీది బొమ్మలు ఏవీ లేవు, అంతా తాళ్లు, కప్పీలు, తెరల వెనక చేతుల పని. మా అమ్మాయి మొదట ఆ దారం ఎక్కడుందో పట్టుకోవాలని ముందుకు వంగి కూర్చుంది. నాలుగో లడ్డూకి ఆ వెతుకులాట మానేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. రంగు పూసిన తెర ఒకటి పైకి లేచి మరొకటి దిగేలోగా అడవి అంతఃపురంగా మారిపోతుంది. వేదిక వెనక ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆలస్యం చేసినా ఆ భ్రమ చెదిరిపోతుంది, ఆ సాయంత్రం ఎక్కడా చెదరలేదు. సురభి నాటకం ఉందని తెలిస్తే మిగతా పనులన్నీ వాయిదా వేసుకుని వెళ్లమని చెబుతాను.

మాదాపూర్ శిల్పారామంలో వారాంతాల్లో సాయంత్రంపూట ఆరుబయలు రంగస్థలం మీద కూచిపూడి, భరతనాట్యం, జానపద నృత్యాలు ఉంటాయి. అక్కడ ఆడేవారిలో చాలామంది నేర్చుకుంటున్న పిల్లలు కాబట్టి నాట్యం స్థాయి రోజుకొక తీరుగా ఉంటుంది గానీ, రాతి మెట్ల మీద కూర్చుని గాలి పీల్చుకుంటూ చూడటంలో ఒక హాయి ఉంది. చేనేత అంగళ్లలో బేరం తప్పనిసరి. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ 1966 నుంచి నడుస్తోంది. చిన్న హాలు, దగ్గరగా వినిపించే గొంతు, పాట తెలిసిన శ్రోతలు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ నగరంలో చాలా సభల్లో కార్యక్రమానికి ముందు శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు గంటసేపు సాగుతాయి. కళాకారులు మేకప్ వేసుకుని పక్కన నిలబడి ఉండగా వేదిక మీద పెద్దలు ఒకరినొకరు పొగుడుకోవడం నాకు బాధ కలిగించింది. బంజారాహిల్స్‌లో 2010లో తెరుచుకున్న లామకాన్‌లో ఆ బాధ లేదు. చెట్లూ పెద్ద బండా ఉన్న ఇంటి పెరడు లాంటి చోట, తక్కువ ధరకు దొరికే చాయ్, సమోసా తింటూ, హిందుస్తానీ గానమో చిన్న నాటకమో చూసి రావచ్చు. వీపుకు ఆనుకునే కుర్చీ అందరికీ దొరకదు కాబట్టి పెద్దవాళ్లు ముందుగా వెళ్లాలి.

తిండి విషయానికి వస్తే, ఈసారి రంజాన్ మాసం ఫాల్గుణంతో కలిసి రావడంవల్ల మాకు హలీం దొరికింది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకాన్ని హోటళ్ల ముందు ఇటుకలతో కట్టిన భట్టీల్లో, కట్టెల మంట మీద గంటల తరబడి ఉడికిస్తారు. మేం చూసిన చోట ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, మనిషెత్తు చెక్క తెడ్లతో డేగిశాలోని గోధుమలనూ మాంసాన్నీ ఒకే లయలో దంచుతున్నారు. మాంసపు పోగు, గోధుమ గింజ విడిగా తెలియకుండా కలిసిపోయేదాకా ఆ ఘోటా ఆగదు. ప్లేటులో పోశాక పైన నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మచెక్క. నిమ్మరసం పిండుకోకుండా తింటే రెండు చెంచాలకే బరువనిపిస్తుంది, పిండుకుంటే ప్లేటు ఖాళీ అయ్యేదాకా తెలియదు. ఉపవాసం విడిచే వేళకు దుకాణాల దగ్గర తొక్కిసలాటగా ఉంటుంది. అది ముగిసి నమాజుకు జనం వెళ్లిన తరువాత వెళ్తే నిలబడి తినడానికి చోటు దొరుకుతుంది, ఉపవాసం ఉన్నవారికి మనం అడ్డం కాము. ఆ నెలలో పగటిపూట పాతబస్తీలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి లేదా పరదా దించి ఉంటాయి కాబట్టి, చార్మినార్, లాడ్‌బజార్ చూడాలనుకునేవారు సాయంత్రమే బయలుదేరడం మేలు. గాజుల దుకాణాలు అర్ధరాత్రి దాకా వెలుగుతూనే ఉంటాయి. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం తెరవరని కూడా గుర్తుంచుకోవాలి.

మాంసం తినని మా అత్తయ్యగారికి నచ్చింది తెలంగాణ భోజనం. హిమాయత్‌నగర్ వైపు ఒక చిన్న మెస్‌లో జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు వడ్డించారు. పచ్చిపులుసును పొయ్యి మీద కాచరు. చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ నలిపి, పోపు పెడతారు. మా ఇంట్లో పులుసు అంటే బెల్లం పడాలి, ముక్కలు ఉడకాలి, అందుకని ఆవిడ మొదట గరిటెడే వేయించుకున్నారు. తరువాత వడ్డించే అమ్మాయిని పిలిచి, ‘ఇంకొంచెం పొయ్యి తల్లీ, ఎండలో తిరిగొచ్చినవాళ్లకి ఇదే కావాలి’ అన్నారు. అదే మెస్‌లో మా వారు తిన్న నాటుకోడి కూర కారం ఎక్కువై, రుచి వెనకబడింది. బగారా అన్నం మాత్రం పొడిపొడిగా, మసాలా మోతాదుగా ఉంది. బియ్యప్పిండితో చేసే సర్వపిండి అడిగితే వేడిగా ఉన్నది ఇవ్వమని గట్టిగా చెప్పాలి, చల్లారితే చెక్కలా అవుతుంది.

మోజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినడానికి ఇది నడిమి కాలం. సీతాఫలం వెళ్లిపోయింది, మామిడి ఇంకా రాలేదు. మేం సపోటా తీసుకున్నాం. పండు గుజ్జు నోటికి తగిలేలా, పాలు మరీ తియ్యగా లేకుండా చేశారు. 1935లో నల్లరాయితో కట్టిన ఆ మార్కెట్‌ను ఇటీవలి సంవత్సరాల్లో బాగుచేశారు. దీపాల వెలుగులో గడియార స్తంభం కింద కుర్చీలు వేసుకుని కుటుంబాలు కూర్చున్న దృశ్యం బాగుంటుంది, పార్కింగు మాత్రం కష్టం.

ఆరుబయలు తిరగడానికి ఉదయం కేబీఆర్ పార్కును మించినది నగరం లోపల లేదు. నడిబొడ్డున 390 ఎకరాల అడవి, నెమళ్ల కూత, కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు. ఫాల్గుణంలో చాలా చెట్లు ఆకు రాల్చి ఉండటంవల్ల పక్షులు సులభంగా కనిపిస్తాయి. ఏడు గంటలలోపు వెళ్లాలి, నీళ్ల సీసా తీసుకెళ్లాలి. హుస్సేన్‌సాగర్ చూడటానికి బాగుంటుంది గానీ, ఎండలు ముదిరేకొద్దీ నీటి వాసన గట్టున ఎక్కువసేపు కూర్చోనివ్వదు.

గోల్కొండకు మధ్యాహ్నం నాలుగు తరువాత వెళ్లాం. పైన బాలా హిసార్ దాకా 360కి పైగా మెట్లున్నాయి, నీడ తక్కువ. సింహద్వారం కమాను కింద కొట్టిన చప్పట్లు కొండపైకి వినిపించే ఏర్పాటును మా అమ్మాయి, మా వారు పైకీ కిందకీ నిలబడి పరీక్షించుకున్నారు. నేను అత్తయ్యగారితో రామదాసు బందిఖానా దగ్గర ఆగాను. భద్రాచలం మాకు గోదావరి ఎగువనే ఉన్న క్షేత్రం, ఆ గుడి కట్టించి చెరసాల పాలైన కంచర్ల గోపన్న ఉన్న చీకటి గది ఇది. గోడ మీద రాముడి, ఆంజనేయుడి బొమ్మలు చెక్కి ఉన్నాయి, పైనున్న రంధ్రం గుండా పడే వెలుగు తప్ప వేరే దీపం ఉండేది కాదంటారు. అత్తయ్యగారు చేయి గోడకు ఆనించి చాలాసేపు నిలబడ్డారు. గైడును పెట్టుకునేవారు రుసుము, తీసుకువెళ్లే చోట్లు రెండూ ముందే మాట్లాడుకోవాలి. మాకు దొరికినాయన పద్యాలు కూడా చెప్పి, తొందరపెట్టకుండా తిప్పారు. రాత్రి ధ్వని, కాంతి ప్రదర్శనకు భాషను బట్టి వేళలు మారతాయి, తెలుగు ప్రదర్శన ఎప్పుడో కనుక్కుని వెళ్లాలి, ఒంటికి దోమల మందు రాసుకోవాలి.

కోట ఎక్కలేనివారికి దగ్గరలోని కుతుబ్‌షాహీ సమాధులు నయం. ఆగా ఖాన్ ట్రస్టు 2013 నుంచి చేపట్టిన పునరుద్ధరణతో గుమ్మటాలకు పాత సున్నపు పూత మళ్లీ వచ్చింది, మెట్ల బావుల్లో నీళ్లు నిలుస్తున్నాయి, నేల దాదాపు చదునుగా ఉంది.

ఒక రోజు చేతిలో మిగిలితే వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లవచ్చు. నగరానికి సుమారు 80 కిలోమీటర్లు, మూసీ పుట్టినచోటు, మోదుగ పూలు చూడాలంటే అక్కడే చూడాలి. లింగంపల్లి నుంచి రైలు సౌకర్యం ఉన్నందువల్ల ఆ ఒక్క ప్రయాణానికి మాత్రం హైటెక్ సిటీ బసే అనుకూలం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది కాబట్టి, హలీం, మోదుగ రెండూ ఒకే యాత్రలో కావాలనుకునేవారు టికెట్లు తీసుకునే ముందు ఆ ఏటి క్యాలెండర్ చూసుకోవాలి.